నీళ్లు తగలని రొట్టె

నిమ్మకాయ తొక్క తురిమేటప్పుడు తెల్లపొర దాకా పోకూడదు, పోతే చేదు వస్తుంది. ఈ సంగతి నాకు మిషన్ బంగ్లాలో మిస్సమ్మ నేర్పింది. పదకొండేళ్లప్పుడు ఆమె వంటింట్లో పనికి చేరాను. నాలుగో తరగతి చదువూ ఈ రొట్టే అక్కడే వచ్చాయి. ఆమె దాన్ని స్కోను అనేది. మా ఇబ్రహీంపట్నంలో ఎవరికీ నోరు తిరగక అది మిస్సమ్మ రొట్టె అయింది. గోధుమపిండిలో చల్లటి వెన్న వేసి వేలికొసలతోనే నలపాలి. తురిమిన నిమ్మతొక్క, సన్నగా తరిగిన పుదీనా, చిటికెడు సోడా, పుల్లటి పెరుగు. మామూలు రొట్టెల పిండిలా పిసికితే రాయి అవుతుంది, చెయ్యి పడ్డదా లేదా అన్నట్టు కలిపి వదిలేయాలి. అడుగున ఇసుక పోసిన డేగిసాలో పెట్టి మూత మీద నిప్పులు పోయాలి. మిస్సమ్మ తన దేశం వెళ్లిపోయింది. ఆమె రొట్టె మాత్రం నా మెడకు చుట్టుకుంది.

ఆ రోజు దొర గడి వెనకాల కొట్టంలో కూర్చుని, మేకుతో చిల్లులు పొడిచిన రేకు ముక్క మీద తొక్క రాస్తున్నాను. పక్కన నా కూతురు బుగ్గమ్మ పుదీనా తుంచుతోంది. దానికి పన్నెండేళ్లు. ఇంట్లో వదిలిపెడితే రోడ్డు మీద మిలిటరీ లారీలు, గట్టు లేని బావి, ఎప్పుడు ఎటువైపు నుంచి వస్తుందో తెలియని జరం. వెంట తెస్తే గడి. ఏ భయం చిన్నదో తూచి తూచి వెంట తెచ్చుకున్నాను. తప్పు తూచాను.

నిజాం రాజ్యం పోయి నెల దాటింది. అంతకు ముందు ఏడాది సంఘం వాళ్లు వచ్చి వెట్టి బంద్ అని చెప్పినప్పుడు, దొర రాత్రికి రాత్రి కుటుంబంతో పట్నం పారిపోయాడు. గడికి తాళం పడింది. ఒకవైపు రజాకార్లు, ఒకవైపు తుపాకుల మోతలు, పిల్లను ఒళ్లో వేసుకుని కన్ను మూయని దినాలు అవి. అయినా ఆ దినాల్లో ఒక్కసారి కూడా ఎవరూ వచ్చి "మరియా, రొట్టెలు చెయ్యాలె, నడువ్" అనలేదు. ఇప్పుడు మిలిటరీ లారీల వెనకాలే దొర కూడా తిరిగి వచ్చాడు. ఆఫీసర్లు చాయ్‌కి వస్తే, వాళ్లకు చాయ్‌లోకి ఏం ఇష్టమో ఎవరో చెప్పారట. మళ్లీ పిలుపు వచ్చింది.

"అది వెట్టి గాదే, ఇజ్జత్. ఊరంత మందిల నిన్నే పిలిచిన్రు" అన్నాడు నా మొగుడు సీమోను. మిషన్ గుడిగంట కొట్టేది, ఆదివారం పాటలెత్తేది అతనే. తహసీలు కచేరీలో చప్రాసి పని కోసం దొర నోటిమాట కావాలి అతనికి.

ఇజ్జత్ ఎలాంటిదంటే, పిండి గడిది, వెన్న గడిది, పెరుగు గడిది. నావి చేతులు మాత్రమే. మా చేతి నీళ్లు గడిలో ముట్టరు. కానీ నీళ్లు తగలకుండా పెరుగుతో, వెన్నతో కలిపింది మైల కాదని పెద్ద దొరసాని, అంటే దొర తల్లి, పంతులును అడిగి ఖాయం చేసుకుంది. అందుకని నేను చేతులు కడుక్కుని, పొయ్యి సెగకు తడి లేకుండా ఆరబెట్టుకుని, అప్పుడు పిండి ముట్టాలి. ఒక్కో వేలూ ఎండిందో లేదో దొర భార్య, చిన్న దొరసాని, దూరం నుంచి చూసి సరే అన్నాకనే.

ఆ రోజు పెరుగు తక్కువైంది. ముంతకు కొంత అంటుకుని ఉంది. నేను నిప్పులు సర్దడానికి అటు తిరిగానో లేదో, మా బుగ్గమ్మ ఇంటి నుంచి తెచ్చుకున్న తాగే నీళ్లు కొన్ని ఆ ముంతలో పోసి, తొలిపి, పిండిలో వంచేసింది. ఇంట్లో రోజూ చేసే పనే. పెరుగు ముంత తొలపకుండా కడిగే ఇల్లు మా వాడలో ఉందా? చెయ్యి పట్టుకునేసరికి అయిపోయింది. "ఏమాయెనే అమ్మా?" అంది. బయట జీపులు ఆగిన చప్పుడు. పారబోస్తే పిండి ఏదని అడుగుతారు. నోరు మూసుకుని కలిపేశాను. ఏసుప్రభువా, ఒక్కటి కూడా మాడకుండా చూడు అని మొక్కుకున్నాను, మాడకపోతే ఎక్కువ తింటారన్న తెలివి కూడా లేకుండా.

అంత మెత్తటి రొట్టెలు నా జన్మలో రాలేదు.

మర్నాడు గడిలో పనిచేసే సుక్కమ్మ మా వాకిట్లోకి వచ్చింది. దొరసాని పెళ్లినాడు పుట్టింటివాళ్లు అరణంగా ఇస్తే దాసిగా వెంట వచ్చిన మనిషి. ఇద్దరు పిల్లలు. వాళ్ల తండ్రి ఎవరని ఊళ్లో ఎవరూ అడగరు, అడగాల్సిన పని లేదు కాబట్టి.

"పిల్లను గడిలనే ఉంచమంటున్నది దొరసాని. చెయ్యి మంచిగున్నదట. ఎల్లుండిసంది" అంది సుక్కమ్మ, నా మొహం చూడకుండా.

"ఎన్ని దినాలు?"

"నన్ను గూడ దొరసాని పెండ్లి అయ్యేదాక అనే తోలిన్రు మరియా. పెండ్లి అయి పద్నాలుగేండ్లాయె."

సీమోను మాత్రం మంచంలోంచి లేచి కూర్చున్నాడు. "కిస్మత్ ఉన్న పిల్ల! కడుపునిండ తింటది. దొర నా ముచ్చట గూడ కచేరిల ఎత్తుతడు."

సుక్కమ్మ వెళ్లిపోయాక అడిగాను. "పిల్లను ఇచ్చి పని తెచ్చుకుంటవా?"

"ఇచ్చుడేందే? రొట్టెలు చేస్తది, ఉంటది. నీకు అన్నిట్ల కీడే కనబడతది. బాయి కాడికి పోతే పడతది అంటవ్. లారొస్తే కింద పడతది అంటవ్. ఎన్నడన్న పడ్డదా?"

పడలేదు. పడకపోవడం దానంతట అది జరిగిందనుకుంటున్నాడు. పన్నెండేళ్లుగా బావి దగ్గర దాని జడ పట్టుకుని నిలబడింది ఎవరు? మా అత్త కూడా బతికున్నన్నాళ్లూ అనేది, "నీ భయంతోనే ఇల్లు చెడుతదే" అని. ఈ ఇంట్లో నేను చేసే పనులన్నిట్లో అది ఒక్కటే ఎవరూ నా నుంచి లాక్కోలేనిది. గంజి కాస్తే తాగి పోతారు, బట్టలు ఉతికితే కట్టుకుని పోతారు. భయం మాత్రం నా దగ్గరే మిగులుతుంది. దాన్ని ఎటు తీసుకుపోవాలో ఆ రాత్రంతా తెలియలేదు. పిల్లను తీసుకుని పుట్టింటికి కందుకూరు పోదామంటే నాన్న లేడు, అన్న గడప దాటనివ్వడు. తోడు లేకుండా ఈ రోజుల్లో ఏ దారి పట్టినా లారీలే. ఏ వైపు తలుపు తీసినా అవతల మరో గోడ.

పొద్దున బుగ్గమ్మను ఇంట్లోనే ఉంచి, పక్కింటి రుక్మాబాయికి అప్పజెప్పి, ఒక్కదాన్నే గడికి వెళ్లాను. దొరసాని వెనక వసారాలో తల ఆరబెట్టుకుంటోంది.

"ఏమే మరియా, పిల్లేది?"

"తోలుకరాలే, దొరసానీ. ఒక తప్పయింది. మొన్నటి రొట్టెలల్ల నీళ్లు పడ్డయి."

"పడ్డయా? పోసినవా?"

"నేనే పోసిన." చెయ్యి నాదని చెప్పాలని దారి పొడుగునా అనుకుంటూనే వచ్చాను.

"ఏ నీళ్లు?"

"మేం తాగేటియి. మా బాయియి."

జుట్టులోంచి ఆమె వేళ్లు జారాయి. స్తంభానికి కట్టించి కొట్టిస్తుందని తెలుసు. రెండేళ్ల కింద అయితే చంపినా అడిగే దిక్కు లేదు, ఇప్పుడు ఉందో లేదో నాకు తెలియదు. కొడితే ఎన్నాళ్లు లేవలేనో, బుగ్గమ్మ తల ఎవరు దువ్వుతారో అన్నది ఒక్కటే ఆలోచన. కానీ ఆమె నా వైపు చూడటం లేదు. లోపలి గదిలోంచి పెద్ద దొరసాని స్తోత్రం చదువుతున్న గొంతు వినిపిస్తోంది, అటు చూస్తోంది.

"అత్తమ్మ రెండు తిన్నది" అంది చిన్నగా. "కార్తీకం ఉపాసాలు పట్టేటామె. పంతులుకు గూడ నేనే పంపిన."

ఆమె లేచి దగ్గరికి వచ్చింది. ఎన్నడూ అంత దగ్గరికి రాలేదు. గొంతు ఇంకా తగ్గించింది.

"ఎవరికన్న చెప్పినవా?"

ఆ గొంతు నాకు బాగా తెలుసు. ముప్ఫై ఏళ్లుగా నేను మాట్లాడుతున్న గొంతే అది. లేదు తల్లీ, దేవుని తోడు అందామని నోరు తెరిచాను.

"ఇంకా చెప్పలే, దొరసానీ" అన్నాను. "మా బుగ్గమ్మ ఇంటికాడనే ఉంటది గద."