ఎవరూ లేనివాళ్ళు ముందు

పోటు నీళ్ళు మళ్ళీ డిపోలోకి వచ్చాయి. ఆమె చీర ఎగదోపుకుని దిగింది. మొదటి బ్యాటరీ బస్సు ఛార్జింగ్ ప్లగ్గు పట్టుకుని లాగింది. ఆమెకేమీ కాలేదు. అప్పుడు గట్టు మీదున్న వాళ్ళు ఒక్కొక్కరే దిగి ఆ వరసలో మిగతా ప్లగ్గులు పీకారు.

ఉప్పునేల పూడ్చి కట్టిన డిపో అది. సముద్రం పొంగినప్పుడల్లా తన చోటు చూసుకోవడానికి వచ్చినట్టు వస్తుంది. నీళ్ళు ఛార్జింగ్ పెట్టెల్లోకి చేరకముందే ప్లగ్గులు తీసెయ్యాలి. మెయిన్ స్విచ్ ఆపి తియ్యొచ్చు. కాని ఆపితే మెరకనున్న బస్సులకూ ఛార్జింగ్ ఆగిపోతుంది. అందుకని ఎవరో ఒకరు ముందు దిగి నీళ్ళలో కరెంటుందేమో చూడాలి.

ఎవరూ లేనివాళ్ళు ముందు. ఆ పద్ధతి ఎవరు పెట్టారో తెలియదు, కాదన్నవాళ్ళూ లేరు. మొగుడు పోయి, పిల్లలు లేని ఆమె కూడా కాదనలేదు. కిందటి వానల్లో ఒకసారి కరెంటు జివ్వుమని లాగి అవతల పడేసింది. అప్పటినుంచి కుడిచేతికి వేడీ చల్లదనమూ తెలియవు. బస్సులు కడగడానికి దాంతో ఇబ్బందేం లేదు.

“భయం వెయ్యదా పిన్నీ?” అంది కొత్తగా చేరిన పిల్ల, ఆమె గట్టెక్కగానే. మొగుడు పోయి నెల తిరక్కుండానే పనిలోకి వచ్చింది.

“భయపడ్డానికి తీరికుండొద్దూ?”

“పిన్నిని చూస్తే కరెంటే పక్కకి తప్పుకుంటుంది లేమ్మా,” అన్నాడో డ్రైవర్. అందరూ నవ్వారు.

సూపర్‌వైజర్ రెండో వరసకేసి చెయ్యి చూపించాడు. “అమ్మాయ్, అటు నువ్వు దిగు. నీకూ వెనకా ముందూ ఎవరూ లేరుగా. ఇకనుంచి ఇద్దరూ వంతులేసుకోండి. పిన్నికీ కాస్త సుఖం.”

సుఖమే, అనుకుంది ఆమె.

పిల్ల తన రబ్బరు చెప్పులు విప్పింది. కొత్తవి. నీళ్ళలో కొట్టుకుపోతాయని గట్టు మీద పక్కపక్కన సర్ది పెట్టింది. వట్టి కాలు నీళ్ళ మీదికి చాపింది.

ఆమె పిల్ల మణికట్టు పట్టుకుంది. “దిగకు.”

“అయితే నువ్వే దిగు పిన్నీ. ఎవరైతేనేం?” అన్నాడు సూపర్‌వైజర్.

“నేనూ దిగను. మెయిన్ ఆపండి.”

“ఆపితే సాయంత్రం బస్సులు తిరగవు. పైవాళ్ళకి ఏం చెప్పమంటావ్?”

“మేం దిగలేదని చెప్పండి.”

“ఎవరో ఒకరు దిగాలి కదమ్మా!”

“ఇవాళ ఎవరన్నా ఉన్నవాళ్ళు దిగండి.”

ఇందాక నవ్వినవాళ్ళు తలలు తిప్పుకున్నారు. సూపర్‌వైజర్ గోడమీది స్విచ్ వైపు చూశాడు, కదల్లేదు. పొగ లేని నగరం అని ఆకుపచ్చ రంగు మీద రాసిన బస్సుల చక్రాలను నీళ్ళు మెల్లగా ఎక్కుతున్నాయి.