చెప్పుదెబ్బల గడియ

నేను ఒక ఇనుప గడియను. మూరెడు పొడవు, బొటనవేలంత లావు, ఒక కొసన ఉంగరం, రెండో కొసన కిందికి వంగిన ముక్కు. చూడటానికి పెద్దగా ఏమీ ఉండను. అయినా ఉడుములదుర్గం చుట్టుపక్కల పాతిక ఊళ్లలో నన్నెరగనివాళ్లు లేరు. ఏటా విజయదశమి నాడు ఆడా మగా కోటకొచ్చి నన్ను చెప్పుతో కొట్టి పోయేవారు. అంత ఘనత ఏ ఇనప్పనిముట్టుకు దక్కిందో మీరే చెప్పండి.

కోట సింహద్వారం పక్కన గోడకున్న రాతి కడియానికి నన్ను గొలుసుతో వేలాడదీశారు. కింద ఒక నీలిరంగు పలక. "ద్రోహి కదిరప్ప ఈ గడియ తీసి శత్రువులను కోటలోనికి రానిచ్చెను" అని తెల్లటి అక్షరాలు. పలకలు రెండు మూడుసార్లు మారాయి. అక్షరాలు మాత్రం ఎప్పుడూ అవే. చూడవచ్చినవాళ్లు దాన్ని చదివి, అయ్యో అని నాలుక చప్పరించి, ఆ తర్వాత చెప్పు తీసేవారు. చదవడం రానివాళ్లకు పక్కవాళ్లు చదివి వినిపించేవారు. ఇందులో ఏది నిజమని అడిగినవాణ్ణి రెండు వందల ఏళ్లలో ఒక్కణ్ణి కూడా చూడలేదు.

నన్ను చేసింది కమ్మరి మౌనాచారి. వంక ఇసుకలోంచి నల్లటి ఇనుపరజను ఏరి, తుమ్మబొగ్గుల్లో కరిగించి, మూడు రోజులు సాగగొట్టాడు. పేరుకు తగ్గట్టే మాట్లాడేవాడు కాదు, మాటలన్నీ సుత్తే మాట్లాడేది. నన్ను చేయించింది కోట వాకిలి కోసం కాదు. కొండమీద రెండో ప్రాకారంలో ఉన్న ధాన్యపు కొట్టు కోసం. ఒంటి తలుపు, రాతి గుమ్మం, లోపల జొన్నలు, కొర్రలు, ఉలవలు. ఎలుకలను, మనుషులను బయట ఉంచడం నా పని. ఎలుకల విషయంలో ఓడిపోయానని ఒప్పుకుంటాను.

ఆ కొట్టుకు కాపలాదారు కదిరప్ప. బక్కపలచటి మనిషి, చెయ్యి చల్లన. పొద్దున నన్ను తీసేముందు ఒకసారి నుదుటికి తాకించుకునేవాడు. అది భక్తో అలవాటో నాకు తెలీదు. ఏదైనా సరే, నాకు బాగుండేది.

పడమటి నుంచి దండు వచ్చి కోటను చుట్టుముట్టిన ఏడాది, కింది ఊళ్లవాళ్లంతా పిల్లాజెల్లాతో పైకెక్కి కోటలో తలదాచుకున్నారు. మొదటి నెల తెచ్చుకున్నది తిన్నారు. రెండో నెల మేకల్ని తిన్నారు. మూడో నెలలో చింతగింజలు ఉడకబెట్టుకుని తాగారు. కోట ఏలికైన రంగప్పనాయకుడు కొట్టులోని గింజ తన ఇంటికి, తన గుర్రాలకు తప్ప బయటికి పోకూడదని ఆజ్ఞ వేశాడు. గుర్రాలు నిగనిగలాడుతూనే ఉన్నాయి. ప్రాకారం నీడన రోజుకొక పసిబిడ్డను పూడ్చిపెడుతున్నారు. కదిరప్ప ఆ దారినే కాపలాకు రావాలి, ఆ దారినే పోవాలి. నాలుగు రోజులు తల వంచుకుని పోయాడు. ఐదో రోజు పట్టపగలు, అందరూ చూస్తుండగా నన్ను తీశాడు.

దొంగతనంగా తీయలేదు. ఆ మాట నొక్కి చెబుతున్నాను. తలుపు బార్లా తెరిచి, గుమ్మంలో నిలబడి, కుంచంతో కొలిచి ఒడిపట్టిన ప్రతి ఆడమనిషికీ కొర్రలు పోశాడు. కావలి సిపాయిల ఆడవాళ్లు కూడా వచ్చారు. వాళ్లకూ పోశాడు. పొద్దు వాలేసరికి కొట్టు సగమైంది. మర్నాడు రంగప్పనాయకుడు అతన్ని బురుజు మీద ఉరితీయించాడు. నన్ను గుమ్మం నుంచి ఊడబెరికి, వచ్చేపోయేవాళ్లంతా చెప్పుతో కొట్టాలని చెప్పి సింహద్వారం దగ్గర కట్టించాడు. కదిరప్ప చెయ్యి ఆ ముందురోజు చివరిసారిగా తాకిందని అప్పుడు తెలిసి నేనెంత కుమిలిపోయానో ఎవరికి చెప్పుకోను?

ఆ తర్వాత పదో రోజున సింహద్వారం తెరుచుకుంది. నేను అక్కడే వేలాడుతున్నాను గనక కళ్లారా చూశాను. కళ్లు లేకపోయినా చూశాను. రంగప్పనాయకుడు బయటి దండుతో మాట కుదుర్చుకున్నాడు. తన కుటుంబం, తన సామాను క్షేమంగా దాటిపోయేలా, కోట ఆ దండుకు దక్కేలా. మిట్టమధ్యాహ్నం అతను పిలిస్తే పన్నెండు మంది కావలివాళ్లు వచ్చి, రెండు గోడల బొక్కల్లో అడ్డంగా దూర్చిన మద్దిమానును భుజాల మీదికెత్తి పక్కన పెట్టారు. తలుపులు తెరుచుకున్నాయి. గుర్రమెక్కుతూ నాయకుడు వాళ్లతో అన్నాడు: "ఎవురన్నా అడిగితే కదిరప్ప తీసినాడని చెప్పండి. సచ్చినోనికి కొత్తగా పొయ్యేదేముంది?"

వాళ్లు అలాగే చెప్పారు. మొదట నేల చూస్తూ చెప్పారు. తర్వాత వాళ్ల కొడుకులు తలెత్తి చెప్పారు. మనవళ్లకు అది చరిత్రైంది. మద్దిమానును ఎవరో వంటచెరకు చేసుకున్నారు. గింజల కొట్టు కప్పు కూలింది. కదిరప్ప కొడుకు ఊళ్లో బతకాలంటే ఏటా విజయదశమి నాడు, జమ్మిచెట్టు పూజకు ముందు, "మా ఇంటి ద్రోహానికి" అని పైకి చెప్పి నన్ను మొదటి దెబ్బ వాడే కొట్టాలన్నారు. కొట్టాడు. ఆ తర్వాత వాడి కొడుకు. అలా ఏడు తరాలు.

ఇంకో కట్టుబాటు కూడా పెట్టారు. ద్రోహి గడియ గనక నన్నెవరూ చేత్తో ముట్టుకోకూడదు. చెప్పు మాత్రమే తాకాలి. గొలుసు మెలిపడితే వేపకట్టెతో కదిలించేవారు. తోలు చెప్పులు పోయి టైరు చెప్పులొచ్చాయి, అవీ పోయి హవాయి చెప్పులొచ్చాయి, ఈ మధ్య కాలేజీ పిల్లలు బూట్లు విప్పి కొడుతూ సెల్ఫీలు కూడా దిగుతున్నారు. ఇన్ని రకాల చెప్పులు తగిలాయి గాని ఒక్క చెయ్యి తగల్లేదు. తగిలి ఉంటే ఈ అబద్ధం ఇన్నాళ్లు నిలిచేది కాదని నా నమ్మకం.

ఈ ఏడాది కదిరప్ప వంశంలో పెద్దదిక్కు సుంకన్న ఉగాది వెళ్లిన వారానికి పోయాడు. మగపిల్లలు లేరు. మొదటి దెబ్బ పెద్దింటిది గనక ఆ వంతు ఒక్కగానొక్క కూతురు సుంకులమ్మకు వచ్చింది. నలభై ఏళ్ల మనిషి. అనంతపురంలో భర్తతో కలిసి తలుపులు, కిటికీలు చేసే షెడ్డు నడుపుతుంది. కొట్టనంటే ఊళ్లో మిగిలిన ఆ ఇంటివాళ్లు, అంటే ఆమె మేనత్త ఓబుళమ్మ, దూరపు దాయాదులైన ఇద్దరు అన్నదమ్ముల కుటుంబాలు, ఇకమీదట జమ్మిపూజకు రాకూడదు, చావుకు పెళ్లికి ఎవరూ వాళ్ల గడప తొక్కకూడదు. ఊరిపెద్ద వీరభద్రప్ప ముందే కబురు పంపాడు. అతను చెడ్డవాడేమీ కాదు. ఉన్న కట్టుబాటు చెప్పాడు, అంతే.

దశమికి ముందురోజు, ఆయుధపూజ నాడు, తాను రేపు కొట్టాల్సింది ఏమిటో చూసుకుందామని సుంకులమ్మ అత్తను వెంటబెట్టుకుని కోటకొచ్చింది. పొద్దున్నే షెడ్డులో బర్మాలకు, రంపాలకు పసుపు కుంకుమ పెట్టి వచ్చిన చెయ్యి. నన్ను చూడగానే ఆ చెయ్యి ముందుకొచ్చింది.

"ముట్టుకోగాకు పాపా. మీ నాయన గూడా కట్టెతోనే కదిలిస్తా ఉండె," అంది ఓబుళమ్మ.

"కొట్టేదానికి నేను కావాల, ముట్టుకునేదానికి పనికిరానా అత్తా? ఈ పొద్దు ఆయుధపూజ. ఇనుముకు దండం పెట్టే దినం."

పట్టుకుంది. అరచెయ్యి గరుగ్గా, వెచ్చగా ఉంది. ఎన్నాళ్లకు! నాకు ఏడుపొచ్చింది. ఇనుముకు ఏడుపేమిటని నవ్వుకుంటే నవ్వుకోండి.

ఆమె నన్ను కొంగుతో తుడిచి, అటూ ఇటూ తిప్పి, నా ముక్కును బొటనవేలితో తడిమింది. ఆమె మొహంలో బాధ తగ్గి, పనిమంతుల చూపు వచ్చింది. సంచిలోంచి టేపు తీసి నన్ను కొలిచింది. సింహద్వారం కొలిచింది. గోడలోని బొక్కలో చెయ్యి పెట్టింది. చెయ్యి భుజం దాకా పోయింది.

"అత్తా, ఇది ఈ వాకిలిది కాదు."

"ఏందే అది?"

"ఇంత వాకిలికి ఈ ముక్క యాడ సరిపోతాది? ఇది రెండు రెక్కల తలుపు. ఇటు గోడలో బొక్క, అటు గోడలో బొక్క. ఈడ అడ్డం పెట్టింది మాను. ఈ గడియ ముక్కు సూడు, కిందికి వంగి ఎడమపక్క అరిగింది. ఇది ఒంటి తలుపుకు చేసింది. నేను దినామూ చేసే పని గదా, నాకు తెలీదా?"

ఆ పూటంతా ఆమె నన్ను గొలుసు నుంచి విప్పి, చేత పట్టుకుని కోటంతా తిరిగింది. గుర్రపుశాల గుమ్మంలో పెట్టి చూసింది, వదులు. నాయకుడి స్నానాల గది దగ్గర చూసింది, బొక్కే లేదు. మందుగుండు కొట్టు దగ్గర ఇరుకు. రేగుముళ్లు గీరుకుని ఆమె చేతుల నుంచి రక్తం కారింది. ఓబుళమ్మ వెనకే గొణుక్కుంటూ వచ్చింది. చివరికి రెండో ప్రాకారంలో, కప్పు లేని నాలుగు గోడల మధ్య, రాతి గుమ్మం ముందు ఆగారు. నేనైతే దూరం నుంచే గుర్తుపట్టాను. రాతిలో నా ముక్కు తిరిగి తిరిగి చేసిన గాడి అలాగే ఉంది. సుంకులమ్మ మట్టి గీకి, నన్ను లోపలికి జరిపి, కిందికి తిప్పింది. టక్కున కూర్చున్నాను.

లోపల గోడ వారన గింజలు పోసే రాతి తొట్లు, కుంచం పెట్టుకునే రాతి గూడు ఉన్నాయి. అది ఏ గదో చెప్పడానికి చదువుకున్నవాళ్లు అక్కర్లేదు. ఓబుళమ్మ గుమ్మంలో కూలబడింది. "మా నాయన కొట్టినాడు దీన్ని. మా అన్న కొట్టినాడు. ఎన్ని తూర్లు, దేవుడా," అని కళ్లొత్తుకుంది.

మర్నాడు ఊరంతా కోట ముందు చేరింది. గొలుసు ఖాళీగా ఉంది. నేను సుంకులమ్మ చేతిలో ఉన్నాను. చేత్తో పట్టుకుందని జనంలో గుసగుసలు మొదలయ్యాయి. వీరభద్రప్ప ముందుకొచ్చి, "ఏం పాపా, ఇదేం పని?" అన్నాడు.

"పెద్దప్పా, నేను కొట్టను. ఎందుకు కొట్టనో నువ్వే సూడు. దీన్ని పట్టుకుని ఈ వాకిలి బొక్కలో పెట్టు."

ఆయన చెయ్యి చాపలేదు. అందరూ చూస్తున్నారు. ఆమె చాపిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. చివరికి ఆయన తువ్వాలు అడ్డం పెట్టుకుని నన్ను తీసుకుని బొక్కలో పెట్టాడు. నేను బావిలో పడ్డ చెంబులా దొర్లుకుంటూ లోపలికి పోయాను. ఆయన మోకాళ్ల మీద కూర్చుని, భుజం దాకా చెయ్యి దూర్చి, తడుముకుని నన్ను బయటికి తీయాల్సి వచ్చింది. అప్పుడు చేతికి తువ్వాలు లేదు. ఎవరూ నవ్వలేదు.

"ఇది పైన గింజల కొట్టుది. అందరూ రాండి, పెట్టి చూపిస్తా," అంది సుంకులమ్మ. "మా కదిరప్ప ఆ కొట్టు ఎందుకు తీసినాడో నాకు తెలీదు. తీసినాడో లేదో గూడా తెలీదు. తెలీనిది నేను చెప్పను. ఈ వాకిలి మటుకు దీంతో తీసింది కాదు."

"సరే, కాదనుకుందాం," అన్నాడు వీరభద్రప్ప, ఎర్రబడ్డ మోచెయ్యి తుడుచుకుంటూ. "దండు జొరబడింది నిజమే గదా. మీవోడు తియ్యకుంటే ఎవురు తీసినట్ల?"

"ఆ బొక్క ఎంత ఉండాదో నీ చేత్తోనే సూసినావు గదా పెద్దప్పా. అందులో పట్టే మానును ఒక్కడు ఎత్తలేడు. పది పన్నెండు మంది కావాల. కోట కావలి మా తాతలు చేసినారని ఈ ఊళ్లో ప్రతి ఇంట్లో గొప్పగా చెప్పుకుంటారు. నేను ఎవుర్నీ అనడంల్యా. లెక్క చెబుతాండా, అంతే."

చేతుల్లోకి తీసుకున్న చెప్పులు ఒకటొకటిగా కిందికి దిగాయి, కాళ్లకెక్కాయి. వీరభద్రప్ప, "ఈ యేటికి వద్దులే. జమ్మికి పొద్దుపోతాంది, పదండి," అన్నాడు. "మీరూ రాండి," అని ఓబుళమ్మ వైపు చూడకుండానే అన్నాడు. సుంకులమ్మ నన్ను తీసుకుపోయి నా గాడిలో పెట్టి, కిందికి తిప్పి, నుదుటికి చెయ్యి తాకించుకుని వెళ్లిపోయింది.

ఆ ఊళ్లో అందరూ మారిపోయారని నేను చెప్పను. నీలిరంగు పలక ఇంకా అక్కడే ఉందట. వచ్చే ఏడాది చూద్దామని కొందరు అంటున్నారట. ఆ సాయంత్రం జరిగింది మాత్రం చెప్పి ముగిస్తాను.

ఎండ పసుపుపచ్చగా మారే వేళ, వీరభద్రప్ప ఒక్కడే కర్ర పొడుచుకుంటూ రెండో ప్రాకారం ఎక్కి వచ్చాడు. గుమ్మం ముందు ఆగాడు. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, నా మీద వేలు పెట్టి, చిన్నగొంతుతో అడిగాడు:

"మావోడుండెనా, ఆ మానెత్తినోళ్లలో?"

ఉన్నాడు. కుడివైపు నుంచి మూడోవాడు. పేరూ తెలుసు. మాను భుజానికెత్తుకుంటూ ఏడ్చాడు కూడా. అంతకు పదకొండు రోజుల ముందు వాడి పెళ్లాం చంటిబిడ్డను చంకనేసుకుని ఈ గుమ్మంలోనే ఒడిపట్టి కొర్రలు పోయించుకుంది. ఆ బిడ్డ బతికింది గనకనే ఇవాళ ఈ ముసలాయన నా ముందు నిలబడి ఉన్నాడు.

నిజమేమిటని ఒక్కరైనా అడగాలని రెండు వందల ఏళ్లు ఎదురుచూశాను. అడిగారు. కాని నాకు నోరుండి ఉన్నా చెప్పేదాన్ని కాను. చెప్పానంటే వచ్చే దశమికి చెప్పులు ఎవరి గుమ్మం ముందు లేస్తాయో నాకు బాగా తెలుసు. ఆ దెబ్బ ఎలా ఉంటుందో ఇంకా బాగా తెలుసు. ఆకలికి ఆ కొర్రలు తిన్నవాడూ, భయానికి మానెత్తినవాడూ ఒక్క మనిషేనని ఈ ఊరు ఒప్పుకునే రోజు వస్తే, అప్పుడు చూద్దాం.

వీరభద్రప్ప కర్ర పక్కన పెట్టి గుమ్మంలో కూర్చున్నాడు. జవాబు వస్తుందేమోనని చాలాసేపు అలాగే కూర్చున్నాడు.