పలక మీద జేగురు గుర్తు

మా ఆయన పరదేశి చోడవరంలో తలుపులు, ద్వారబంధాలు, ఎడ్లబండి చక్రాలు చేసే వడ్రంగి. అయితే చిన్నప్పుడు భీమిలిలో మేనమామ దగ్గర నాలుగేళ్ళు పడవ పని నేర్చుకున్నాడు. ఆ సంగతి ఎలా తెలిసిందో, అరవై తొమ్మిది దసరా వెళ్ళాక విశాఖపట్నం నుంచి ఒక రాజుగారు కబురు పెట్టాడు. ఆయనకు సముద్రం ఒడ్డున షెడ్డు ఉంది. అందులో మోటారు పడవ ఒకటి కట్టించుకుంటున్నాడు. చేపలకు కాదు, సరుకులకు కాదు, చుట్టాలతో కూర్చుని షికారు తిరగడానికి. దాన్ని యాట్ అంటారట. మా నోట్లో అది యాటు అయి కూర్చుంది.

సోమవారం పొద్దున్న బస్సెక్కి వెళ్ళేవాడు, శనివారం సాయంత్రం వచ్చేవాడు. వచ్చీ రాగానే కాళ్ళైనా కడుక్కోకుండా ఆ వారం ఏం చేశారో చెప్పాల్సిందే. నాకేమో సగం అర్థమయ్యేది కాదు. సముద్రమే చూడని దాన్ని, దాని మీద తిరిగేదాని సంగతి ఏం తెలుస్తుంది? నా మొహం చూసి విసుగేసి, ఒక ఆదివారం సున్నం డబ్బా తెచ్చి పెరట్లో ఆ పడవను ఎంతదో అంత గీసి చూపించాడు. నలభై అయిదు అడుగులు. తోక మా పశువులశాల దగ్గర మొదలైంది, నడుము నూతి పక్కన పడింది, ముక్కుకి చోటు చాలక కంచె దాటి పక్కింటి అప్పలనరసమ్మ పెరట్లోకి వెళ్ళిపోయింది.

ఆవిడ చీపురు పట్టుకుని బయటికొచ్చింది.

"ఇదేటొదినా, మీ పడవ ముక్కు మా కోళ్ళగూటికాడికి వచ్చీసింది?"

"మా ఆయనకి సోటు సాలలేదంటమ్మా."

"సాలకపోతే? ముక్కు మాకాడుంది గనక మాకూ వాటా ఉన్నట్టే. రాజుగారికి సెప్పీ, ముందు సీటు నాదే."

అది మొదలు వారం వారం ఆ గీతల్లోకి కొత్త గీతలు వచ్చి చేరేవి. అడుగున మనిషికి వెన్నెముకలా పొడుగాటి దూలం వేశామంటే దాన్నీ గీసేవాడు. దానికి రెండు వైపులా పక్కటెముకల్లా వంకర కర్రలు నిలబెట్టామంటే అవీ గీసేవాడు. పలకల సందుల్లో నీళ్ళు దూరకుండా దూదితాళ్ళు కుక్కి గుగ్గిలం కాచి పోశారని, బొంబాయి నుంచి ఇంజను దిగిందని, దాన్ని పన్నెండు మంది మోసి లోపల కూర్చోబెట్టారని చెబుతూ అవీ గీసేవాడు. నేను రోజూ కళ్ళాపి చల్లేటప్పుడు ఆ గీతలు చెరగకుండా చుట్టూ చల్లుకునేదాన్ని. లోపలి గదులు గీసిన రోజు నవ్వలేక చచ్చాను. పడవలో వంటిల్లు! పడుకోడానికి నాలుగు మంచాలు, మొహం చూసుకోడానికి అద్దం, బీరువా, దొడ్డికి వెళ్ళే గది.

"మరి రోలెక్కడ ఎడతారు?" అన్నాను.

"ఒసే సిన్నతల్లీ, రాజుగారి ఆడోళ్ళు సముద్రం మీద పచ్చడి రుబ్బుతారేటే?" అని ఆయన కూడా పడీపడీ నవ్వాడు. పెళ్ళయిన పదేళ్ళలో ఆయన అంత సంతోషంగా ఉండటం నేను చూడలేదు. ద్వారబంధాలు చేసుకునే మనిషికి చేతిలోకి అంత పని వచ్చింది మరి.

ఇక చెక్క సంగతి చెప్పాలి. అసలు చెప్పాల్సింది అదే. ఇంతసేపూ తప్పించుకుంటూ వచ్చాను.

వడ్డాదిలో తాతబ్బాయి అని కలప అమ్మేవాడు ఉండేవాడు. మా ఆయనా అతనూ చిన్నప్పటి నుంచి బావా అంటే బావా అనుకునేవాళ్ళు. నన్ను సెల్లీ అనేవాడు. మాడుగుల వైపు నుంచి టేకు దుంగలు తెచ్చి, కోయించి, మూడేళ్ళు నీడలో ఆరబెట్టేవాడు. ఆరిన పలకను చిన్న కొయ్యసుత్తితో కొసనుంచి కొస దాకా కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. లోపల చెమ్మ ఉంటే ఆ మోత వేరట. నచ్చితే జేగురు ఎర్రమట్టితో రెండు నిలువు గీతలు గీసి మధ్యలో చుక్క పెట్టేవాడు. ఆ గుర్తు ఉన్న పలకను ఏ వడ్రంగీ రెండోసారి కొట్టి చూసేవాడు కాదు. చూస్తే తాతబ్బాయిని ముఖం మీద అనుమానించినట్టే. అది వాళ్ళ మధ్య నడిచే మర్యాద.

యాటులో గదుల మీద వేసే కప్పుకి పలకలు అతని దగ్గరే కొన్నారు. షెడ్డులో ఉంటే సముద్రపు గాలికి చెమ్మ లాగుతాయని మా ఆయన వాటిని ఇంటికి తెచ్చి పశువులశాల అటక మీద పేర్చాడు. "సిన్నతల్లీ, ఈటి మీద నీటిసుక్క పడకూడదు," అని ఒకటికి రెండుసార్లు చెప్పి వెళ్ళాడు.

అది పుష్యమాసం, ఊరంతా బెల్లం వండుతున్నారు. గోవాడ పంచదార ఫ్యాక్టరీకి తోలగా మిగిలిన చెరుకుని అప్పలనరసమ్మ వాళ్ళు తోటలోనే ఆడించి వండుకునేవారు. మంగళవారం మధ్యాహ్నం ఆవిడ ఒగర్చుకుంటూ పరిగెత్తుకొచ్చింది.

"ఒదినా, పాకం పోసే తొట్టి అడుగు ఊడిపోనాది! పెనం మీద పాకం ముదిరిపోతంది. నాలుగు సెక్కలియ్యి, గంటలో తెచ్చీస్తాను."

"మా ఆయన సంపేత్తాడమ్మా. అవి రాజుగారి సెక్కలు."

"పడవ ముక్కు నా పెరట్లో ఎట్టినప్పుడు నాను ఏటన్నా అన్నానా? పాకం మాడిపోతే మా ఏడాది కష్టం పెంట మీద పోసుకోవాల."

ఆ మాటకి కాదనలేకపోయాను. నేనే అటకెక్కి నాలుగు పలకలు దించి ఇచ్చాను. వాటిని నేల మీద పక్కపక్కన పరిచి, చుట్టూ మట్టిగట్టు కట్టి, సలసల కాగే పాకం పోశారు. గంట అన్నది మూడు రోజులైంది. శుక్రవారం ఉదయం పలకలు ఇంటికొచ్చాయి. బెల్లం అట్టకట్టి, నల్లచీమలు పట్టి ఉన్నాయి. రేపు సాయంత్రం ఆయన వస్తాడు.

గోకాను, పోలేదు. వేణ్ణీళ్ళు కాచి బిందెలతో పోశాను. తడి గోనెలు కప్పి మధ్యాహ్నం దాకా నానబెట్టి, కొబ్బరిపీచుతో తోమాను. బెల్లం పోయింది. దానితోపాటు తాతబ్బాయి గుర్తు కూడా పోయింది.

శనివారం ఎండలో ఉంచితే సాయంత్రానికి పైకి తెల్లగా, పొడిగా కనిపించాయి. అప్పుడు ఏం చేశానో చెబుతాను. గడపకి పూసుకునే జేగురు ముద్ద తీసి, వేరే పలక పక్కన పెట్టుకుని చూస్తూ, నాలుగింటి మీదా రెండేసి గీతలు గీసి చుక్కలు పెట్టాను. బాగా కుదిరిందని కూడా అనుకున్నాను.

ఆయన వచ్చి అటక వైపు ముక్కు ఎగబీల్చాడు.

"ఏటే, బెల్లం కంపు కొడతంది?"

"ఊరంతా అదే కంపు. నీకు ఇయ్యాల తెలిసిందేటి?" అన్నాను.

నమ్మాడు. పలక తిప్పి గుర్తు చూసుకున్నాడు, కొట్టి చూడలేదు. సోమవారం పలకలన్నీ బండి మీద విశాఖపట్నం వెళ్ళిపోయాయి. ఆపై ఆదివారం పెరట్లో గదుల మీద అడ్డంగా సున్నపు గీతలు గీసి, "కప్పు ఏసీసేమే" అన్నాడు. నేను ఆ గీతలు తొక్కకుండా చుట్టూ తిరిగి నూతి దగ్గరికి వెళ్ళాను.

మాఘమాసంలో యాటుని నీళ్ళలోకి దింపారు. కొబ్బరికాయలు కొట్టారు, రాజుగారు మా ఆయనకి పట్టుకండువా కప్పాడు. ఆ కండువా వేసుకుని బస్సు దిగి ఊళ్ళో నడుచుకుంటూ వస్తుంటే జనం లేచి నిలబడి చూశారు. నాకూ గర్వంగానే ఉంది. ఇక ఏం కాదులే అనుకున్నాను.

ఎండాకాలం వచ్చింది. సముద్రం మీద ఎండ ఎలా ఉంటుందో నాకేం తెలుసు? నేను పట్టించిన తడి లోపలే ఉండిపోయింది. అది ఆరేసరికి ఆ నాలుగు పలకలూ కుంచించుకుపోయి సందులు తెరుచుకున్నాయి. వైశాఖంలో ఒక రోజు రాజుగారు బంధువులతో షికారు వెళ్తే ఆకాశం మబ్బుపట్టి పెద్ద వాన. మంచాల మీదకి, ఆడవాళ్ళ చీరల మీదకి ధారగా కారిందట. అందరి ముందూ మా ఆయన్ని పిలిచి, "ఇదేనా నీ పని?" అన్నాడట రాజుగారు.

మా ఆయన ఆ నాలుగు పలకలూ ఊడదీశాడు. దూలం మీద ఆనే చోట చిత్రిక పట్టలేదు గనక గుర్తు అలాగే ఉంది. ఒక పలకను బస్సు టాపు మీద వేసుకుని ఇంటికొచ్చాడు. అన్నం తినలేదు. "పచ్చిసెక్క మీద గుర్తెట్టి ఇచ్చేడే నా బావ," అన్నాడు. ఆ ఒక్క మాటే. అప్పుడు చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది. ఆయన కళ్ళు చూసి మింగేశాను.

వడ్డాది సంతరోజున పలక భుజాన పెట్టుకుని బయల్దేరాడు. గొడవ పడతాడేమోనని వెనకే నేనూ వెళ్ళాను. జనం మధ్యలో ఆ పలకను తాతబ్బాయి కాళ్ళ ముందు పడేశాడు.

"సూడ్రా! మూడేళ్ళు ఆరబెట్టిన సెక్కంట! నీ గుర్తు సూసి నెత్తిన ఎట్టుకున్నాను. రాజుగారి కాడ నా పరువు గంగలో కలిపీసేవు."

తాతబ్బాయి వంగి పలకను తిప్పాడు. గీత మీద వేలు పెట్టి పైనుంచి కింద దాకా రాశాడు. తలెత్తి మా ఆయన్ని చూశాడు, తరువాత నన్ను చూశాడు. నేను కొంగు ముందుకి లాక్కున్నాను.

"గుర్తుంది కదా బావా. ఇంక నాను సెప్పీదేటుంది," అన్నాడు.

చుట్టూ ఉన్న వడ్రంగులందరూ విన్నారు. ఇంకేం కావాలి? ఆ వానాకాలం పోయేసరికి అతని దగ్గర పలక కొనేవాళ్ళు లేరు. రంపాలు తీసేశాడు, సంతలో వెదురుబొంగులు, పొయ్యిలో కర్రలు అమ్ముకోవడం మొదలుపెట్టాడు. వడ్డాది సంతకి వెళ్ళడం మానుకుని నేను రోలుగుంట వెళ్ళేదాన్ని. దూరమైనా సరే. ఎందుకని ఆయన అడిగితే అక్కడ మిరపకాయలు బాగుంటాయనేదాన్ని.

యాటుకి వేరే పలకలు వేసి బాగుచేశాక రాజుగారు పనివాళ్ళ ఇళ్ళవాళ్ళనందరినీ ఒకసారి ఎక్కించుకున్నాడు. నేనూ ఎక్కాను. అద్దం, బీరువా, వంటిల్లు, అన్నీ మా పెరట్లో గీసినచోటే ఉన్నాయి. కళ్ళు మూసుకుని నడిచినా దారి తప్పను. ఆయన నా చెయ్యి పట్టుకుని అన్నీ చూపిస్తూ, "పైకి సూడే, కప్పు సూడు," అంటున్నాడు. పైన కొత్త పలకలు నాలుగు మిగతావాటికంటే తెల్లగా ఉన్నాయి. ఒక్కసారి చూసి తల దించుకున్నాను. కడుపులో తిప్పుతోందన్నాను. సముద్రం పడలేదని అందరూ నవ్వారు.

డెబ్బై నాలుగులో రాజుగారి తమ్ముడు ఇంకో యాటు మొదలుపెట్టాడు. మా ఆయన మళ్ళీ సున్నం డబ్బా తీసి పెరట్లో గీత గీశాడు. ఈసారి ముక్కు ఇంకా ముందుకి పోయింది. అప్పలనరసమ్మ నవ్వుతూ చూస్తోంది. ఆయన మాత్రం నవ్వలేదు.

"సెక్కే దొరకడం నేదే. ఎవల్ని నమ్మాలో తెలీదు. ఆ తాతబ్బాయిగాడు అంత పని సెయ్యకపోతే..." అన్నాడు.

నాలుగేళ్ళ నుంచి ఆ మాట వింటూనే ఉన్నాను. ఆ రోజు వినలేకపోయాను. లోపలికి వెళ్ళి జేగురు ముద్ద తెచ్చి, ఆయన గీసిన పడవ నడుములో నేల మీద కూర్చుని, రెండు నిలువు గీతలు గీసి మధ్యలో చుక్క పెట్టాను.

ఆయన చూశాడు.

"ఇది నీకెలాగొచ్చినాదే?"

చెప్పాను. పాకం, చీమలు, వేణ్ణీళ్ళు, అన్నీ చెప్పాను. కొడతాడనుకున్నాను, కొట్టలేదు. అప్పలనరసమ్మ కంచె అవతల కూలబడిపోయి, "నా వల్లే బాబూ," అని ఏడ్చింది. ఆయన సున్నం డబ్బా మూతపెట్టి, "పద," అన్నాడు.

ఆ రోజు వడ్డాది సంతే. తాతబ్బాయి అక్కడ వెదురుబొంగుల పక్కన కూర్చుని ఉన్నాడు. నేనే చెప్పాను, అక్కడున్నవాళ్ళు వినేలాగే చెప్పాను. విన్నవాళ్ళలో సగం మందికి ఆ పాత సంగతే గుర్తులేదు.

"ఆ రోజే తెలిసింది సెల్లీ," అన్నాడు తాతబ్బాయి. "నా గీత కొస తెగిపోతాది. అది కొసన వంపు తిరిగుంది, ముగ్గులాగ. ఆడమనిషి సెయ్యి అని వేలెట్టగానే తెలిసింది."

"మరి సెప్పలేదేరా!" అని మా ఆయన అరిచాడు.

"సెప్తే, ఆ కోపంలో ఇంటికెళ్ళి నువ్వేటి సేసీవోడివో. నాలుగు రోజులు పోనాక తనే సెప్తాది కదా అని ఊరుకున్నాను." బొంగులు సర్దుకుంటూ నా వైపు చూడకుండా అన్నాడు. "నాలుగు రోజులే అనుకున్నాను."

తిట్టి ఉంటే బాగుండేది.

మా ఆయన బతిమాలి బతిమాలి రెండో యాటు చెక్కకి అతన్నే తీసుకొచ్చాడు. పలకలన్నీ మా పశువులశాలకే వచ్చాయి. తాతబ్బాయి ఒక్కొక్కటీ కొట్టి, విని, జేగురు గుర్తు పెట్టి అటక మీద పేర్చాడు. నేను మజ్జిగ ఇస్తే తాగాడు. గ్లాసు తిరిగి ఇస్తూ కంచె వైపు చూసి, "సెల్లీ, అప్పలనరసమ్మోళ్ళు ఈ ఏడు బెల్లం ఎప్పుడొండుతారు?" అని అడిగాడు. మా ఆయన నవ్వాడు, కంచె అవతల ఆవిడా నవ్వింది, నేనూ నవ్వాను.

నవ్వుతూనే అతను భుజం మీది తాడు తీసి, పలకలన్నిటినీ కలిపి అటక దూలానికి చుట్టి, బిగించి ముడి వేశాడు. నేను చూస్తుండగానే, నా ఎదుటే వేశాడు. అలాంటి ముడి కోస్తే తప్ప ఊడదు. తరువాత మళ్ళీ మజ్జిగ తాగుతానన్నాడు, పోశాను.