ఆపడం మరిచిన మైకు

నేను ఒక మైకుని. మైకు అనగానే మీకు దాని వెనక నిలబడ్డ మనిషే గుర్తొస్తాడు గాని నేను గుర్తురాను. అందుకు నాకు బాధ లేదు. పుట్టినప్పటినుంచి నాదంటూ ఒక్క మాటా మాట్లాడి ఎరగను. ఊళ్ళోవాళ్ళ మాటలు మోసి మోసి గొంతు పోయింది. ఇప్పుడు చేతినిండా తీరికే కాబట్టి నా సంగతి కాస్త చెప్పుకుంటాను.

నేను పుట్టింది ఢిల్లీలో. రెండు స్కూటర్లు ఎదురుపడితే ఒకటి వెనక్కి పోవలసినంత ఇరుకు సందు. అక్కడ ఒకావిడ నా కడుపులో వెంట్రుకలాంటి రాగితీగ చుట్టింది. దాని మీద ఉల్లిపొర లాంటి పలచటి పొర అతికించి, జల్లెడలాంటి ఇనప టోపీ పెట్టింది. పక్కనున్నవాడు ఎవరికీ నోరు తిరగని విదేశీ పేరు ఒకటి నా ఒంటికి అంటించాడు. ఆ పేరు వల్ల నా ధర పెరిగింది గాని గొంతు పెరగలేదు. మనుషుల్లో కూడా ఈ పద్ధతి ఉందని తర్వాత తెలిసి ఊరట చెందాను.

మొదట ఒక ఎన్నికల వ్యానులో పని చేశాను. మా నాయకుడు ఒకే వంతెనను దారిలో ఎదురైన ప్రతి ఊరికీ ఇచ్చుకుంటూ పోయాడు. ఆయన ఓడిపోయాక వ్యానులో సామానంతా అమ్మేశారు. అలా గోదావరి పాయ పక్కనున్న పెదలంకకి, అచ్చియ్యమ్మ గారి సౌండు సర్వీసుకి చేరాను.

అచ్చియ్యమ్మ గారిది ఒకటే నియమం. "మైకుని కొట్టి చూడకండి, ఊది చూడకండి. దానికీ పేణం ఉంటాది," అనేది. అందరూ తల ఊపేవారు. ఊపి, నన్ను తీసుకుని, రెండు మొట్టికాయలు వేసి, ఉఫ్ ఉఫ్ మని ఊది, అప్పుడు మాట్లాడేవారు. పెళ్ళిళ్ళూ ప్రార్థన కూటాలూ అన్నీ ఇలాగే మొదలయ్యేవి.

ఇక అసలు సంగతి కబడ్డీ.

ఏటా వేసవిలో పెదలంక హైస్కూలు మైదానంలో కబడ్డీ పోటీలు జరుగుతాయి. ఆ నాలుగు రోజులూ నేను కామెంటరీ చెప్పే నాగరత్నం గారి చేతిలో ఉండేదాన్ని. ఆయన రిటైరైన బస్సు కండక్టరు. మోటారు రొదకి పైన అరిచి అరిచి గట్టిపడ్డ గొంతు. జన్మలో ఎప్పుడూ కూతకి వెళ్ళలేదు. అందుకే కూతకి ఎలా వెళ్ళాలో ఆయనకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

ఆ ఊరి జట్టులో తాతబ్బాయి అని ఒక కుర్రాడుండేవాడు. ఆరడుగుల మనిషి, పాదం నేలకి ఆనిందో లేదో తెలియనంత తేలిగ్గా కదిలేవాడు. పందొమ్మిదేళ్ళప్పుడు, పాయ అవతలి గట్టుపాలెం జట్టు మీద ఫైనల్లో ఒకే ఒక్క కూతలో ఐదుగురిని అవుట్ చేశాడు. ఐదుగురూ మీద పడి నొక్కేస్తే ఆ గుట్టనంతా ఈడ్చుకుంటూ వచ్చి, వేలి కొసతో మధ్యగీత ముట్టుకున్నాడు. పెదలంక ఒక్క పాయింటు తేడాతో గెలిచింది. నాగరత్నం గారు ఆ రోజు అరిచిన అరుపుకి కొబ్బరిచెట్ల మీది కాకులు మర్నాటిదాకా దిగలేదు.

ఆ తర్వాత తాతబ్బాయి ఆట ఆగిపోయింది. ఆడడం మానలేదు, ఆటే ఆగిపోయింది. కూతకి వెళ్ళేవాడు, గీత దగ్గర అటూ ఇటూ అందంగా తిరిగేవాడు, ఎవరినీ ముట్టుకోకుండా వచ్చేసేవాడు. ఒకటీ అరా పాయింటు తెచ్చినా అది అవతలివాడు తొందరపడి ఇచ్చిందే.

ఊరు ఊరుకుంటుందా? కారణాలు వెతికింది. ప్రేమలో దెబ్బ తిన్నాడన్నారు, ఆ అమ్మాయి ఎవరో మాత్రం తేల్చలేకపోయారు. దిష్టి తగిలిందన్నారు, సెల్‌ఫోను పాడు చేసిందన్నారు. మాంసం తగ్గించాడని కొందరూ, అదే మాంసం పెంచాడని కొందరూ కొట్టుకునేదాకా వెళ్ళారు. వాడి పేరులోనే ముందు తాత ఉన్నాడనీ, అందుకే ముందే ముసలాడైపోయాడనీ నాగరత్నం గారు నా ద్వారానే ప్రకటించారు. జనం విరగబడి నవ్వారు. తాతబ్బాయి కూడా నవ్వాడు. వాడు నవ్వడం చూసి, చూశారా, సిగ్గు కూడా లేదు అన్నారు.

వాణ్ణి వెనకేసుకొచ్చేది ఒక్క టైలరు మీరావలి. ఆయన దగ్గర వాదన అంటూ ఏమీ లేదు. "వచ్చే మేచిలో చూడండి," అనేవాడు, అంతే. ఆ మాటతో చాలా వేసవులు నెట్టుకొచ్చాడు.

ఒక ఏడు మళ్ళీ ఫైనల్ గట్టుపాలెంతోనే పడింది. ఆదివారం సాయంత్రం, మైదానం కిటకిటలాడుతోంది. మొదటి సగం అయ్యేసరికి పెదలంక వెనకబడి ఉంది. తాతబ్బాయి తెచ్చింది సున్నా. విరామంలో నాగరత్నం గారు నన్ను సోడాల బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టారు. అచ్చియ్యమ్మ గారు జనరేటరులో డీజిలు పోయడానికి వెళ్ళింది. నా స్విచ్చి ఆపడం ఇద్దరూ మరిచిపోయారు.

కబడ్డీ కమిటీ ప్రెసిడెంటు పళ్ళంరాజు గారూ, మీరావలీ వచ్చి బల్ల చుట్టూ కూర్చున్నారు. పక్కనే జనరేటరు రొద. మైదానం నాలుగు మూలలా కట్టిన లౌడుస్పీకరు గరాటాల్లో తమ మాటలే మోగుతున్న సంగతి వాళ్ళకి వినపడలేదు. మిగతా అందరికీ వినపడింది.

"ఇదే ఆడికి ఆఖరి మేచి," అన్నారు పళ్ళంరాజు గారు. "వచ్చే ఏడు మా మేనల్లుణ్ణి దింపుదాం."

"ఆడు కూతకెళ్తంటే అత్తారింటికెళ్ళినట్టుంటాదండి," అన్నారు నాగరత్నం గారు. "గుమ్మందాకా ఎళ్తాడు, అందర్నీ పలకరిత్తాడు, మర్యాదగా వచ్చేత్తాడు."

"అలాగనకండి. ఆడి కాళ్ళలో ఉన్న పనితనం ఈ చుట్టుపక్కల ఎవడికీ లేదు," అన్నాడు మీరావలి.

"పనితనం ఉందయ్యా బాబూ. పనే లేదు," అన్నారు నాగరత్నం గారు.

"వచ్చే మేచిలో..."

"ఆ వచ్చే మేచి కోసం చూసి చూసి నా జుట్టు నెరిసిపోయింది!"

పళ్ళంరాజు గారు సోడా తాగి చుట్టూ చూశారు. "జనమేటి, ఇవాళ ఇంత బుద్ధిగా ఉన్నారు?" అని ఆశ్చర్యపోయారు.

నాగరత్నం గారు ముందుకి వంగారు. ఆయన నోరు సరిగ్గా నా మీదికి వచ్చింది. "నిజం చెప్పమంటారా? ఐదుగుర్ని పడగొట్టినోడు ఇవాళ ఒక్కణ్ణి ముట్టుకోడానికి జంకుతున్నాడు. బద్ధకం కాదండి అది. ఆడు పిరికోడు."

ఆ చివరి మాటని నేను చాలా శుభ్రంగా మోశాను. పాయ అవతలికి కూడా వినపడి ఉంటుంది. నా పని అంతే కదా.

అప్పుడు అచ్చియ్యమ్మ గారు డీజిలు డబ్బాతోనే పరుగెత్తుకొచ్చింది. "స్విచ్చి ఆపలేదయ్యా! ఊరంతా ఇంటన్నారు!"

కుళాయి దగ్గర మొహం కడుక్కుంటున్న తాతబ్బాయి అప్పటికే ఇటు నడిచి వస్తున్నాడు. జనం దారి ఇచ్చారు. కొడతాడనుకున్నారు, కొందరు ఆశపడ్డారు కూడా. పళ్ళంరాజు గారు కుర్చీ వెనక్కి జరుపుకున్నారు. తాతబ్బాయి ఎవర్నీ కొట్టలేదు. నన్ను తీసుకున్నాడు. మొట్టికాయ వెయ్యలేదు, ఊదలేదు. చెయ్యి ఇంకా తడిగానే ఉంది.

"నాగరత్నం గారూ, అంతా ఇన్నానండి," అన్నాడు. "మీరన్నది నిజమే. భయమేనండి. ఆ ఐదుగురి కథ ఏటా చెప్తారు కదా మీరు. ఆ ఐదో మనిషి పేరు చెప్పండి."

నాగరత్నం గారు నోరు తెరిచారు. రాజమండ్రి రూట్లో ఉన్న స్టాపులన్నీ నిద్రలో అప్పజెప్పగల మనిషి. ఒక్క పేరూ రాలేదు.

"నా కాలి కింద టప్‌మని ఇనపడిందండి. ఆయన మోకాలు. తలుపుచెక్క మీద పడుకోబెట్టి పడవెక్కించారు. అప్పుడు మీరంతా నన్ను బుజాల మీద మోత్తన్నారు. పైనుంచి చూశాను నేను. లోపలికెళ్ళినప్పుడల్లా ఆ సప్పుడే ఇనపడతాదండి. కాలు కదలదు. ఇక మీ ఇష్టం. తీసేయండి."

నన్ను బల్ల మీద పెట్టబోయాడు. ఇంతలో గట్టుపాలెం వాళ్ళ వైపునుంచి ఒక మనిషి లేచి, కుంటుకుంటూ మైదానం అడ్డంగా వచ్చాడు. ఆ ఏడే ఆ జట్టుకి ఆట నేర్పడానికి కుదిరిన మనిషి. వచ్చి నన్ను అందుకున్నాడు.

"నా పేరు లోవరాజండి. ఆ ఐదో మనిషిని నేనే," అన్నాడు. తర్వాత కుర్రాడి వైపు తిరిగాడు. "ఒరే తమ్ముడూ, నువ్వు నన్ను ముట్టుకోనేలేదురా!"

తాతబ్బాయి అతని మోకాలి వైపు చూశాడు.

"మా కేప్టెన్ నీ మీదకి దూకబోయి గురి తప్పి నా మోకాలి మీద పడ్డాడు. ఆడి బరువు నీకేం తెలుసు! ఆ సప్పుడు అదే. నువ్వు గీత ముట్టుకున్నప్పుడు నేను నీకు మూరెడు దూరంలో ఉన్నాను. అంపైరు గుట్టని చూసి ఐదనేశాడు. కాలట్టుకుని ఏడిసేవోడు, కాదండీ నాలుగే అని తగువేసుకుంటాడేటి?"

"నేను కాదా అన్నా?" అన్నాడు తాతబ్బాయి.

"కాదెహే. ఒక్కసారొచ్చి అడిగితే ఆ రోజే చెప్పేవోణ్ణి కదరా."

"రేవుదాకా వచ్చానన్నా, చాలాసార్లు. పడవెక్కలేకపోయాను."

లోవరాజు వాడి మెడ మీద చెయ్యి వేసి దగ్గరికి లాక్కున్నాడు. ఆడవాళ్ళ వైపు ఎవరో ముక్కు చీదారు. మీరావలి మెళ్ళో ఉన్న టేపుతో కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ సమయంలో పెదలంక పెద్దల మనసుల్లో ఏముందంటారా? పాయింటు. పళ్ళంరాజు గారి మొహం మెల్లగా పాలిపోయింది. "నాలుగేనా? అయితే ఆ మేచి మనం గెలవనట్టా?" అన్నారు, స్విచ్చి ఇంకా వేసే ఉందని మళ్ళీ మరిచిపోయి. గట్టుపాలెం వైపు ఒక్కసారిగా లేచింది. కప్పు ఇచ్చెయ్యాలని కేకలు. కుర్రాడి ప్రాణం కుదుటపడిన సంగతి వదిలేసి రెండు ఊళ్ళూ పంచాయతీ ఆఫీసు బీరువాలో తుప్పు పడుతున్న ఒక గిన్నె కోసం కలబడ్డాయి. పోలీసాయన వచ్చి ఈల వేస్తేగాని రెండో సగం మొదలు కాలేదు.

ఇక చూసుకోండి, సింహం లేచిందని అందరూ అనుకున్నారు. తాతబ్బాయి కూతకి వెళ్ళాడు. గీత దాటాడు, ఇంకా లోపలికి వెళ్ళాడు, చివరికంటా వెళ్ళాడు. పట్టేశారు. మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ పట్టేశారు. ఇన్నేళ్ళు లోపలికి వెళ్ళని మనిషికి బయటికి వచ్చే దారి గుర్తుండదు కదా. మూడోసారి ఇద్దరిని ముట్టుకుని మోచేతులు చీరుకుపోయి వచ్చాడు, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతూ. పెదలంక ఓడిపోయింది.

"కష్టపడతన్నాడండి, కాని బుర్ర వాడడు," అని ఆ సాయంత్రమే తీర్పు వచ్చింది. జట్టులోంచి తీసేశారు. పళ్ళంరాజు గారి మేనల్లుడు వచ్చాడు. ఆ కుర్రాడి జుట్టు చాలా బాగుంటుంది.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. నాగరత్నం గారు మరెప్పుడూ ఐదుగురి కథ చెప్పలేదు. మర్నాడు ఉదయం పడవెక్కి గట్టుపాలెం వెళ్ళొచ్చారని మాత్రం అచ్చియ్యమ్మ గారు అంటుంటే విన్నాను. అక్కడ ఏం మాట్లాడారో నాకు తెలియదు. నన్ను తీసుకెళ్ళలేదు.

మరుసటి వేసవిలో గట్టుపాలెం జట్టు రేవు దిగింది. వాళ్ళ పసుపు బనీనులో, లోవరాజు పక్కన, తాతబ్బాయి. సంవత్సరం పొడుగునా ఆయన వాడికి బయటికి వచ్చే దారి నేర్పాడు. పెదలంక జనం ద్రోహి అన్నారు, తామే తీసేసిన సంగతి ఒక్కరికీ గుర్తు రాలేదు.

ఫైనల్లో తాతబ్బాయి ఆడింది నేను చూసిన ఆటలన్నిటికీ మించిన ఆట. ఆఖరి కూతలో పెదలంక వాళ్ళు నలుగురు మిగిలారు. మేనల్లుడు జుట్టు సర్దుకుంటున్నాడు. తాతబ్బాయి లోపలికి వెళ్ళి, ఒకణ్ణి చేత్తో, ఒకణ్ణి కాలితో తాకాడు. మిగతా ఇద్దరూ నడుం పట్టుకుంటే వాళ్ళిద్దర్నీ మోసుకుంటూ నడిచి వచ్చి గీత మీద దింపాడు. ఎవరికీ దెబ్బ తగలకుండా, పసిపిల్లల్ని దింపినట్టు దింపాడు.

నాగరత్నం గారు లేచి నిలబడ్డారు. తనది ఏ ఊరో మరిచిపోయారు. కళ్ళనిండా నీళ్ళు, నన్ను నోటికి అదిమి పెట్టి, ఒంట్లో ఉన్న ఊపిరంతా పెట్టి అరిచారు:

"నాలుగు! సరిగ్గా నాలుగు! చూశారా నా తాతబ్బాయిని! నేను మొదట్నుంచీ చెప్తానే ఉన్నాను!"

ఆ చివరి వాక్యం దగ్గర నా లోపలి పొర చిరిగిపోయింది.

అచ్చియ్యమ్మ గారు నన్ను చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసి, పాత తీగలు వేసే బుట్టలో పడేసింది. చుట్టూ విరిగిన గరాటాలు, కాలిపోయిన బల్బులు. ఇక్కడ ఎవరూ ఎవరి గురించీ ఏమీ అనరు. హాయిగా ఉంది.