గాలిగది మనిషి

షోకీ షోకీ మధ్య పదహారు నిమిషాలు. ఆ పదహారు నిమిషాల్లో నాలుగు వందల సీట్ల కింద ఊడవాలి, చేతులు ఆనించే చోటల్లా తుడవాలి, ఒలికిన పాప్‌కార్న్ ఏరాలి, మెట్ల మీది తివాచీకి మిషన్ పట్టాలి. పెద్దక్క తొమ్మిదేళ్లుగా ఈ పని చేస్తోంది. ఆమె కింద ఐదుగురు ఆడవాళ్లు. అందరికంటే ముందు చీపురందుకునేదీ, అందరికంటే ఎక్కువ మాట్లాడేదీ వాళ్లలో పొట్టి అని పిలుచుకునే ఒకతె.

ఊళ్లో మామూలు సినిమా హాళ్లు చాలానే ఉన్నాయి. ఇది పెద్ద తెర హాలు. తెర ఆరంతస్తుల ఎత్తు. ముందు వరసలో కూర్చున్నవాళ్లు హీరో మొహం చూడాలంటే గడ్డం దగ్గర మొదలుపెట్టి నుదుటిదాకా మెడ ఎత్తుకుంటూ పోవాల్సిందే. అంతంత బొమ్మ వేసినప్పుడు కాస్త పొర్లకుండా ఉండదు. సముద్రం సినిమా ఆడిన నెలంతా ముందు మూడు వరసల్లో నీళ్లు ఎత్తిపోశారు. మంచుకొండల సినిమాకి పారలు తెప్పించారు. యుద్ధం సినిమాకి మసి. సామాన్ల గదిలో వేలాడే పట్టీలో అందుకని ఒక గడే ఉంది: ‘తెర నుంచి పడినవి’. రోజూ పెద్దక్క అందులో రాసి సంతకం పెట్టేది. ‘నీళ్లు, పది బకెట్లు.’ ‘ఆకులు, ఎండువి.’ ఒకసారి ‘గుర్రపు లద్దె’.

తొమ్మిదేళ్లలో ఆమె ఒక్క సినిమా కూడా మొదటి నుంచీ చూడలేదు. ఆఖరి మూడు నిమిషాలకి ముందు చీపుళ్లు పట్టుకుని తలుపు పక్క కర్టెన్ చాటుకి చేరేవాళ్లు. అలా ఆమెకి ముగింపులు మాత్రం ఓ రెండొందలు తెలుసు. ఎవరు ఎవర్ని పెళ్లాడారో తెలుసు, ఎందుకు పెళ్లాడారో తెలీదు. చచ్చినవాడు మంచివాడో కాదో, చుట్టూ నిలబడ్డవాళ్ల మొహాలు చూసి పోల్చుకునేది.

అలాంటి రోజుల్లో అంతరిక్షం సినిమా వచ్చింది. మూడు గంటల సినిమా, మన భాషలోకి డబ్బింగ్ చేసింది. టికెట్లు దొరకడం లేదని జనం గోల. షోకి రెండు బస్తాల ఎర్ర ఇసుక పడేది. చల్లగా, సన్నగా, ఇనుము వాసన వేసే ఇసుక.

ఆఖరి మూడు నిమిషాల్లో ఉన్నది ఇంతే. ఎర్రనేల మీంచి ఓడ పైకి లేస్తుంది. కింద లావుపాటి సూటు తొడుక్కున్న ఆడమనిషి ఒకతె నిలబడి చూస్తుంటుంది. ఓడ చుక్కంత అవుతుంది. ఆమె ఇసుకలో కూలబడుతుంది. పేర్లు మొదలవుతాయి. జనం కళ్లు తుడుచుకుంటూ లేస్తారు.

పెద్దక్క నలభై సార్లు చూసింది ఆ కూలబడడం. మొదట్లో ఆ మనిషి వెనక వచ్చే ఇంకో ఓడలో వస్తుందేమో అనుకుంది. తర్వాత ఏదో పని మిగిలిపోయి ఆగిందేమో అనుకుంది. నలభయ్యోసారి ఇక ఆగలేక, ముక్కు చీదుకుంటూ బయటికి వస్తున్న ఒకావిణ్ణి అడిగింది, ఆ మనిషి ఎందుకు ఉండిపోయిందని.

“త్యాగమండీ” అంది ఆవిడ.

“తను చేసిందా, వాళ్లు చేయించారా?”

ఆవిడ కారు తాళాలేవో వెతుక్కుంటూ వెళ్లిపోయింది.

ఆ సాయంత్రమే పెద్దక్క మేనేజర్ దగ్గరికి వెళ్లింది. ఎండాకాలం కూడా టై విప్పడు కాబట్టి ఆయన్ని వీళ్లంతా టై అనే పిలుచుకునేవాళ్లు, ఎదురుగా మాత్రం సార్. వారం సెలవు రోజున టికెట్ కొనుక్కుని సినిమా చూస్తానని చెప్పింది. ఆయన గోడ మీది కాగితం చూపించాడు. నాలుగో రూలు: శుభ్రం చేసే సిబ్బంది ప్రేక్షకుల సీట్లలో కూర్చోరాదు. సెలవైనా అంతేనా అని ఆమె అడిగితే, సెలవైనా అంతే అన్నాడు. రేపు చీపురుతో కనబడే మనిషి ఇవాళ పక్క సీట్లో కూర్చుంటే జనం ఏమనుకుంటారని అడిగాడు. ఏమనుకుంటారు సార్ అని పెద్దక్క కూడా నిజంగానే తెలుసుకుందామని అడిగింది. ఆయన మళ్లీ కాగితమే చూపించాడు.

ఇంట్లో ఉండేది ఆమె, వాళ్ల అత్త. పెద్దక్క భర్త పోయినా ఇద్దరూ విడిపోలేదు, ఆ మాటే ఎప్పుడూ అనుకోలేదు. అత్త నలభై ఏళ్లు బట్టల మిల్లులో మగ్గాల మధ్య పనిచేసి వచ్చింది. ఆ చప్పుడుకి చెవులు పోయాయి. మాట వినదు, పెదాలు చూసి పట్టుకుంటుంది. తను మాత్రం మగ్గాలు ఇంకా నడుస్తున్నట్టే అరిచి మాట్లాడుతుంది. సంగతంతా పట్టుకుని అడిగింది:

“ఆ సినిమా వాడు తీశాడా?”

“లేదత్తయ్యా.”

“తెర వాడిదా?”

“అదీ కాదు.”

“మరి?”

ఆ ‘మరి’తో సంగతి తేలిపోయింది.

సెలవు రోజు మధ్యాహ్నం ఆటకి పెద్దక్క నీలం రంగు మంచి బట్టలు కట్టుకుని వెళ్లింది. టికెట్ల కౌంటర్లో పిల్ల గుర్తుపట్టి కూడా తలెత్తకుండా నడిమి వరసలో నడిమి సీటు ఇచ్చింది. టార్చి పట్టుకుని పొట్టి, ఎవరో పెద్ద మనిషిని తీసుకెళ్లినట్టు దారి చూపించింది. తొమ్మిదేళ్లు వంగి తుడిచిన సీటు అంత మెత్తగా ఉంటుందని పెద్దక్క అనుకోలేదు. ఇంకా సరిగ్గా ఆనుకోనన్నా లేదు, టై వచ్చేశాడు.

“లేవండి పెద్దక్కా.”

“టికెట్ ఉంది సార్.”

“రూలు కూడా ఉంది.”

“రూలు నా చీపురుకి. ఇవాళ నా చేతిలో అది లేదు.”

ఆయన గొంతు తగ్గించి, ఇప్పుడు లేవకపోతే రేపటి నుంచి పనిలోకి రానక్కర్లేదన్నాడు.  ఆ ఉద్యోగం తప్ప ఇంటికి ఇంకో ఆధారం లేదు. సీటు చేతుల్ని గట్టిగా పట్టుకుంది.

“మూడు గంటలయ్యాక మాట్లాడుకుందాం సార్” అంది. “మొదలు చూద్దామని వచ్చాను, తప్పిపోతుంది.”

అంతలో లైట్లు ఆరిపోయాయి. ఎవరు ఆర్పారో ఆయన ఇప్పటికీ కనుక్కోలేకపోయాడు. వెనకనించి ఎవరో అడ్డం తప్పుకోమని కసిరారు. ఆయన తప్పుకున్నాడు.

పెద్దక్క మొట్టమొదటిసారి ఒక సినిమా మొదలు చూసింది. ముందు చీకటి. అది ఈ హాల్లో చీకటి కాదు, ఎక్కడా గోడ తగలని చీకటి. అందులోంచి ఒక్కో చుక్కా పుట్టుకొచ్చింది. ఓడ ఇంజన్లు రగులుకుంటే సీటు వణికి, ఆ వణుకు వెన్నులోకి పాకింది. ఇన్నేళ్లూ ఇది ఈ గోడల మధ్యే జరుగుతుంటే తను అవతల తలుపు దగ్గర నిలబడిందా అని కోపమొచ్చింది.

ఓడలో ఎనిమిది మంది. కెప్టెన్ మాటిమాటికీ కిటికీ దగ్గర నిలబడి మానవజాతి గురించి మాట్లాడేవాడు. మిగతావాళ్లు వినేవాళ్లు. ఎనిమిదో మనిషి మాత్రం వినేది కాదు, ఆమెకి తీరిక లేదు. ఓడ అడుగున గాలి శుభ్రం చేసే గదిలో జల్లెడలు విప్పి, దుమ్ము దులిపి, మళ్లీ బిగించడం ఆమె పని. పైవాళ్లు ఆమెని ఆ గది పేరుతోనే పిలిచేవాళ్లు. ‘గాలిగదీ, ఇక్కడ వాసనొస్తోంది.’ ‘గాలిగదీ, ఉక్కపోస్తోంది.’ కొత్త గ్రహం చేరారు, ఎర్ర తుఫానొచ్చింది, ఓడలో ఒక సీటు విరిగిపోయింది. ఏడు సీట్లు, ఎనిమిది మంది.

ఎవరు ఉండిపోవాలని కెప్టెన్ అడగలేదు. ఎవరూ నోరు విప్పలేదు. ఏడుగురూ ఆమె వైపు చూశారంతే. అప్పుడు హాలు అదిరిపోయేట్టు సంగీతం మొదలైంది. అంత గట్టిగా ఎందుకు వాయించారో పెద్దక్కకి తెలిసిపోయింది. ఆ వాయింపు తీసేస్తే అక్కడ ఎవరో ఒకరు ‘నువ్వుండు’ అనాలి. అనే దమ్ము లేక బాజాలు పెట్టారు.

ఓడ లేచింది. హాల్లో జేబురుమాళ్లు బయటికొచ్చాయి. పెద్దక్క తన సీట్లోంచి లేచి నిలబడింది. గట్టిగా కూడా అనలేదు, పక్కింటావిడతో అన్నట్టు అంది:

“అక్కడెందుకమ్మా కూలబడడం? ఇటు దిగు.”

కూర్చోబోతున్న మనిషి ఆగింది. తిరిగి చూసింది. ఆరంతస్తుల మనిషి ఇసుకలో అడుగులేసుకుంటూ ఇటు నడిచింది. దగ్గరికొస్తున్న కొద్దీ పెద్దదవ్వాల్సింది పోయి చిన్నదవుతూ వచ్చింది. తెర అంచుకి చేరేసరికి అందరిలాంటి మనిషే. ముందు వరస కమ్మీ పట్టుకుని, ఆమె వెంట జారిన ఓ తట్టెడు ఇసుకతో పాటు కిందికి దిగింది. దారిలో ఉన్నవాళ్లు కాళ్లు పక్కకి పెట్టుకున్నారు.

లైట్లు వెలిగాక టై పరిగెత్తుకొచ్చి అలవాటుకొద్దీ ముందు టికెట్ అడిగాడు. తర్వాత గడియారం చూసుకుని, ఐదింటికి షో ఉంది, ఈలోపు ఆవిణ్ణి పైకెక్కించమన్నాడు. ఆమె శిరస్త్రాణం తీసింది. నలభై ఐదేళ్లుంటాయి, చెవుల పక్క నెరిసింది. పొట్టి మంచినీళ్లిస్తే గటగటా తాగింది.

“మళ్లీ అదే చెయ్యమంటారా?” అని అడిగింది. మాట డబ్బింగ్ కాబట్టి పెదాలు వేరుగా కదిలాయి, గొంతు వేరుగా వచ్చింది. “ఐదింటికోసారి, ఎనిమిదిన్నరకోసారి?”

“అవును” అన్నాడు టై. పాపం, అబద్ధం చెప్పలేదు. “ముగింపు అదే కదా. పైవాళ్లు నన్నడుగుతారు.”

ఆమె పెద్దక్క వైపు చూసింది. పెద్దక్క, చెప్పాల్సింది తను కాదని ఊరుకుంది.

“నేను ఎక్కను” అంది గాలిగది మనిషి.

అయితే పెద్దక్క కూడా రేపటి నుంచి రానక్కర్లేదన్నాడు టై. ఇద్దరూ బస్సెక్కి ఇంటికి వెళ్లారు. శిరస్త్రాణం దారికడ్డంగా ఉందని కండక్టర్ అంటే ఆమె ఒళ్లో పెట్టుకుంది. అత్త తలుపు తీసి ఎవరని అడిగింది. పైన ఒక్కదాన్నే వదిలేసి పోయారత్తయ్యా అంది పెద్దక్క. పోయినవాళ్లు పోయారు, లోపలికి రమ్మను, ముందు ఆ ఇసుక దులుపుకోమను అని అరిచింది అత్త. భోజనాల దగ్గర అత్తకీ ఆమెకీ కుదిరిపోయింది. గాలిగది మనిషి తనకి జరిగిందంతా చెప్పింది. ‘నాకు బాధ కలిగింది’ అని గొంతు పలికితే అత్త పగలబడి నవ్వింది. అత్త వినేది గొంతు కాదు, పెదాలు. పెదాల మీద ఉన్నది వేరే మాట. ఏ భాషలోనైనా తిట్టు తిట్టులాగే కనబడుతుందని అత్త కోడలికి చెప్పింది.

మర్నాడు పట్టీలో పెద్దక్క పేరు కొట్టేసి ఉండడం చూసి, పొట్టి తన చీపురు గోడకానించి కూర్చుంది. మిగతా నలుగురూ కూర్చున్నారు. షోకి రెండు బస్తాలు, రోజుకి నాలుగు షోలు. ముందు వరస సీట్ల చేతులు మునిగేదాకా ఇసుక పేరింది. రెండో రోజు టై తనే చీపురు పట్టాడు. పదహారు నిమిషాల్లో రెండు వరసలు ఊడ్చి, నడుం పట్టుకుని మెట్ల మీద కూర్చుండిపోయాడు.

సినిమాలోనూ పని ఆగింది. గాలిగదిలో మనిషి లేకపోయేసరికి జల్లెడలు దులిపే దిక్కు లేదు. అరగంట గడిచేసరికి ఏడుగురూ దగ్గు మొదలుపెట్టేవాళ్లు. మానవజాతి గురించి కెప్టెన్ చెప్పే మాటలు సగం దగ్గులోనే పోయేవి. జనానికి ఇది కూడా నచ్చింది. ఏడుగురూ దగ్గుతూనే ఓడెక్కి, దగ్గుతూనే వెళ్లిపోయేవాళ్లు.

నాలుగో రోజు పొద్దున టై పెద్దక్క ఇంటికొచ్చాడు, మెడలో టై లేకుండా. అత్త ఆయనకి పీట వేసింది. వచ్చి పనిలో చేరమన్నాడు. నాలుగో రూలు తీసేస్తేనే వస్తానంది పెద్దక్క. తనొక్కతే కాదు, ఆరుగురూ వచ్చిన ప్రతి సినిమా ఒకసారి సీట్లో కూర్చుని చూడాలంది. ఆయన పైవాళ్లని అడగాలని గొణిగాడు. అడిగి రండి, ఇసుక ఎక్కడికీ పోదు అంది ఆమె. సాయంత్రానికి గోడ మీద నాలుగో రూలు ఉన్న చోట కాగితం చింపి ఉంది. గాలిగది మనిషి గురించి ఆయన ఎత్తనేలేదు. ఎత్తినా ఆమె ఇంట్లో లేదు. వీధి చివర ఆసుపత్రిలో, కిటికీల్లేని ఆపరేషన్ గదులకి గాలి పంపే యంత్రం చూసుకునే పనిలో చేరి అప్పటికి రెండు రోజులు.

సినిమా తీసేసే వారం, మధ్యాహ్నం ఆటకి ఆరుగురూ నడిమి వరసలో కూర్చున్నారు. ఏడో మనిషిగా ఆమె కూడా వచ్చింది. తనున్న సినిమా తను బయటి నుంచి ఎప్పుడూ చూడలేదు. కాళ్లు సీటు మీదికి ముడుచుకుని, పాప్‌కార్న్ ఒళ్లో పెట్టుకుని, ఖాళీ గాలిగదిని, దగ్గే మనుషుల్ని చూసింది.

ఆఖరి మూడు నిమిషాలొచ్చాయి. ఏడుగురు, ఏడు సీట్లు. తలుపు మూసుకోవాలి, ఓడ లేవాలి. కెప్టెన్ తలుపు మీద చెయ్యి వేసి, దగ్గి, ఆగాడు. ఇన్నాళ్లూ ఎప్పుడూ ఆగలేదు. మెట్లు దిగి ఇసుకలోకొచ్చాడు.

“గాలిగదీ” అని పిలిచాడు.

అటు తిరిగి పిలిచాడు, ఇటు తిరిగి పిలిచాడు. ఓడలోంచి ఇంకో ఇద్దరు దిగారు. కెప్టెన్ కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని హాలు వైపు చూశాడు. ఆరంతస్తుల మొహం నిండా చెమట. ఇసుక పలచగా అందరి ఒళ్లోకీ రాలింది. ఆమె చెయ్యెత్తితే చాలు, కనబడుతుంది.

“నిన్నే పిలుస్తున్నాడు” అంది పెద్దక్క.

“వినబడుతోంది.”

“ఏం చేద్దాం?”

ఆమె పాప్‌కార్న్ మీది ఇసుక ఊదేసి, ఒకటి నోట్లో వేసుకుంది.

“వెతకనీ” అంది.

తెర మీద పేర్లు మొదలయ్యాయి. పేర్ల వెనక అతను వంగి ఇసుక మీద అడుగుల కోసం చూస్తూనే ఉన్నాడు. హాల్లో ఒక్కరూ లేవలేదు.