ఏడో రోజు పొయ్యి

"లతా, ఇయాల పన్నెండు మంది. పాస్టరుగారి చెల్లెలు సుత వస్తది," అన్నాడు డేవిడ్ రాజు, అద్దం ముందు టై బిగించుకుంటూ. చర్చి అయ్యాక భోజనానికి ఎంతమంది వస్తున్నారో చెప్పాలని మా ఆయనకు ఆదివారం పొద్దునే గుర్తొస్తుంది. అప్పటికే మటన్‌కు అల్లం వెల్లుల్లి పట్టించి ఫ్రిజ్‌లో పెట్టాను. బగారా అన్నానికి ఉల్లిపాయలు కోయడమూ అయిపోయింది. మారు మాట్లాడకుండా ఇంకో నాలుగు ఉల్లిపాయలు ముందుకు లాక్కున్నాను.

ఆయన మెట్టుగూడలో మా చర్చికి సంఘ పెద్ద. నేను సోమవారం నుంచి శనివారం దాకా బేగంపేటలో ఒక హోటల్లో గదులు సర్దేవాళ్ల మీద సూపర్‌వైజర్‌ని. దుప్పట్లు ముడత లేకుండా పరిచారా లేదా అని మంచం మంచానికీ తిరిగి చూడటం నా పని. ఎవరెవరో వచ్చి పడుకుని వెళ్లిపోయే మంచాలు. ఆ తెల్లటి పరుపు అంచు మీద చెయ్యి ఆనిస్తే చాలు, ఒళ్లంతా అటువైపే ఒరిగిపోతున్నట్టు ఉండేది. ఆదివారం సెలవు. సెలవంటే పది మందికో పదిహేను మందికో వంట. పెళ్లయి ఇరవై రెండేళ్లయినా ఒక్క ప్రసంగమూ చివరిదాకా వినలేదు. పాస్టరుగారు "చివరిగా ఒక మాట" అనగానే చెప్పులు వెతుక్కుని ఇంటికి పరుగెత్తేదాన్ని. "స్వర్ణలతక్క చేతి అన్నం తింటేనే ఆరాధన పూర్తయినట్టు" అనేవారు వచ్చినవాళ్లు. మొదట్లో ఆ మాటకు మురిసిపోయాను కూడా.

మే నెల. చర్చిలో కిటికీ పక్క బల్ల మీద మా అత్తమ్మ కమలాబాయి పక్కన కూర్చున్నాను. పైన ఫ్యాను తిరగలేక తిరుగుతోంది. ఆ రోజు ప్రసంగం పది ఆజ్ఞల మీద. ఏడో రోజు ఎవరూ పని చేయకూడదని చెబుతున్నారు పాస్టరుగారు. నువ్వు చేయొద్దు, నీ కొడుకు చేయొద్దు, నీ కూతురు, నీ పనివాడు, పనిమనిషి, ఎద్దు, గాడిద, నీ ఇంట్లో దిగిన పరాయివాడు... ఆ గొంతు నీళ్ల అడుగు నుంచి వస్తున్నట్టుంది. తర్వాత పచ్చటి మైదానం కనిపించింది. దాని నిండా హోటల్ మంచాలు, తెల్లటి పరుపులు. ఒక్కొక్కరే వచ్చి పడుకుంటున్నారు. ఎద్దు కూడా కాళ్లు ముడుచుకుని మెల్లగా వాలింది. నేను గరిటె పట్టుకుని వాటి మధ్య తిరుగుతూ నా పేరు పిలుస్తారని చూస్తున్నాను. మంచాలన్నీ నిండిపోయాయి. చివరికి ఎద్దునే బతిమాలాను, జెర పక్కకు జరుగు అని.

కళ్లు తెరిచేసరికి చర్చి ఖాళీ. బల్లల మీద ఎండ చారలు చారలుగా పడి ఉంది. నా తల అత్తమ్మ భుజం మీద ఉంది. ఆమె చీర నా చెమటకు తడిసిపోయింది. మోకాళ్ల నొప్పితో అరగంట కూడా ఒక్కచోట కూర్చోలేని మనిషి, కదలకుండా కూర్చుని ఉంది.

"టైమెంత అత్తమ్మా?"

"ఒకటిన్నర."

గబగబా చెప్పుల కోసం చూశాను. "అయ్యో, అందరూ..."

"పోయిండ్రు. రాజు నిన్ను లేపనీకి వచ్చిండు. లేపొద్దన్న. దేవుడు సుత ఏడో దినం పని బందు చేసిండు, నా కోడలు పండుకుంటే తప్పేందిరా అన్న."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నాకొచ్చిన కల చెప్పాను. "ఆ ఆజ్ఞలో పెండ్లాం మాటే లేదు అత్తమ్మా. ఎద్దు ఉంది, గాడిద ఉంది. మనం లేం."

ఆమె మోకాళ్లు రాసుకుంది. దూరంగా ఒక రైలు వెళ్లిపోయింది.

"పెండ్లయిన కొత్తల నాకూ గట్లనే అనిపించింది. మీ మామను అడిగితే నవ్విండు. గా నవ్వుకే నలభై ఏండ్లు నోరు మూసుకొని వండిన. మోకాళ్లు పడిపోయి కూసున్నంక గా ఆజ్ఞ మళ్ల చదివిన బిడ్డా. మొదటి మాట ఏందీ? 'నువ్వు'. గా నువ్వంటే మొగోడే అని ఎవరు చెప్పిండ్రు మనకు? ఇంటిదాన్ని దేవుడు మళ్ల ఎందుకు పిలుస్తడు? ముందుగాల పిలిచిందే ఆమెను."

చిన్నప్పటి నుంచి ఆజ్ఞలంటే నాకు గోడ మీద రాసిన హెచ్చరికలే. అది చేయకు, ఇది ముట్టకు. ఇంతకాలం నేను తప్పులు ఎంచుకోవడానికే వాటిని చదివాను. ఒక ఆజ్ఞ కుర్చీ జరిపి, కూర్చో అమ్మా, అలిసిపోయావు అని అంటుందని నాకు తెలియదు. ఆ మాట లోపలికి దిగుతుంటే, ఏళ్లుగా బిగబట్టుకున్నదేదో మెల్లగా వదులైంది.

అత్తమ్మ చెయ్యి పట్టుకుని నెమ్మదిగా ఇంటికి నడిచాను. ఎందుకో పరుగెత్తాలనిపించలేదు. హాల్లో డేవిడ్ రాజు ఒక్కడే నిలబడి ఉన్నాడు.

"పరువు తీసినవ్ లతా. పాస్టరుగారిని అన్నానికి హోటల్‌కు పంపాల్సొచ్చింది."

"ఇక మీదట ఆదివారం వండనండి," అన్నాను. "శనివారం మిగిలింది తిందాం. లేదా ఎవరిది వాళ్లు చేసుకుందాం. నాకు కూడా ఆజ్ఞ ఉంది."

"నాకే ఆజ్ఞలు నేర్పుతున్నవా? తల్లిదండ్రులను గౌరవించమని సుత ఆజ్ఞ ఉంది. అమ్మ ఆకలితోని ఉంది. ముందుగాల ఆమెకు అన్నం పెట్టు."

ఆ మాటకు ఇరవై రెండేళ్ల అలవాటు నా కాళ్లను వంటింటి వైపు తిప్పింది. అత్తమ్మ నా మణికట్టు పట్టుకుంది. కుర్చీలో కూర్చుని కొడుకు వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు.

"గా ఆజ్ఞ నీకు ఇచ్చిండు రాజూ. నీ తల్లిని నేను. పొయ్యి ముట్టియ్యి."

నేను గదిలోకి వెళ్లి పడుకున్నాను. వంటింట్లో ఒక్కో డబ్బా మూత తీస్తున్న చప్పుడు.

"లతా, బియ్యం ఏడున్నయ్?"

నేను లేవలేదు.