ఏడో నంబరు బోర్డు

ఆలూరులో తొలి బస్సు ఎక్కినప్పటి నుంచి సంతోషమ్మ కూతురితో నాలుగు మాటలు కూడా మాట్లాడలేదు. కర్నూలు బస్టాండులో నంద్యాల బస్సుకు మారేటప్పుడు మాత్రం "ఆధార్ కార్డు చేతిలో పెట్టుకో" అంది. అంతే. కృపమణి కిటికీ పక్కన కూచుని సంచిని ఒళ్లో పెట్టుకుంది. అందులో ఐటీఐ సర్టిఫికెట్లతో పాటు కటింగ్ ప్లేయరు, రెండు స్క్రూడ్రైవర్లు, టెస్టరు, బల్బు హోల్డరుకు రెండు వైర్లు తగిలించిన టెస్ట్ ల్యాంపు ఉన్నాయి.

ఇంటరు అయ్యాక ఊళ్లో తనతో చదివిన ఆడపిల్లలు డిగ్రీలోనో నర్సింగులోనో చేరారు. కృపమణి ఆదోనికి పోయి ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు తీసుకుంది. ఇరవై ముగ్గురు మగపిల్లల మధ్య ఆమె ఒక్కతే. తండ్రి నెహెమ్యా "దాని ఇష్టం" అని ఊరుకున్నాడు. సంతోషమ్మ మాత్రం రెండేళ్లూ ఆ చదువు మాట ఇంట్లో రానియ్యలేదు. ఎందుకో అందరికీ తెలుసు. ఆమె తమ్ముడు దాసన్న శనగచేనులో బోరు స్టార్టరు మూత తీయబోయి కరెంటు కొట్టి పోయాడు. లైను లేదనుకొని చెయ్యి పెట్టాడు. అప్పుడు కృపమణికి పదిహేనేళ్లు. లైను ఉందో లేదో తెలుసుకోవడానికి అరనిమిషం పట్టే పనికి మామ పోయాడని ఆమెకు ఐటీఐలో మొదటి వారమే అర్థమైంది. ఆ సంగతి తల్లితో ఎన్నడూ అనలేదు.

ఓర్వకల్లు దగ్గర పంపులు తయారుచేసే కొత్త కంపెనీ నుంచి పరీక్షకు పిలుపు వచ్చినప్పుడు తల్లీకూతుళ్ల మధ్య ఒక ఒప్పందం కుదిరింది. ఉద్యోగం వస్తే సరే. రాకపోతే మరుసటి రోజే డిగ్రీలో చేరాలి. అడ్మిషన్లకు అదే ఆఖరి రోజు.

కంపెనీ షెడ్డులో పది బోర్డులు వరుసగా నిలబెట్టి ఉన్నాయి. ఒక్కొక్కరికి ఒక్కొక్క బోర్డు. కృపమణిది ఏడో నంబరు. సూపర్‌వైజరు వీరభద్ర చేతిలో గడియారంతో ముందుకొచ్చాడు.

"పాత వైర్లన్నీ ఇప్పాల. కాగితంలో ఉండే బొమ్మ ప్రకారం స్టార్టరుకు, మోటారుకు కొత్తవి ఏసి, మోటారు తిప్పి చూపించాల. గంటన్నర టైము. లైను ఆఫ్ చేసినాం. మొదలుపెట్టండి."

తొమ్మిది మంది ఒక్కసారిగా స్క్రూడ్రైవర్లు తీశారు. కృపమణి స్టార్టరు మూత తీసి, టెస్టరు మొన పాత వైరు చివర ఆనించింది. టెస్టరు లోపల ఎర్రగా వెలిగింది. చెయ్యి వెనక్కి తీసుకుంది. మళ్లీ పెట్టి చూసింది. మళ్లీ వెలిగింది.

"సార్, దీంట్లో లైను ఉండాది."

వీరభద్ర వచ్చి గోడ మీది స్విచ్చు చూపించాడు. "ఆఫ్‌లో ఉండాది, కనపడలేదా? టెస్టరు ఒక్కోసారి ఉత్తపుణ్యానికి ఎలుగుతాది. మిగిలినోళ్లంతా చేస్తాండారు గదా, నీకొక్కదానికేనా భయం?"

పక్క బోర్డు దగ్గరున్న ఈరేష్ తల తిప్పకుండానే మెల్లగా అన్నాడు. "పిడి పట్టుకొని జాగ్రత్తగా ఇప్పెయ్యక్కా. టైము పోతాండాది."

అది మంచి సలహానే. పొడి చేతులతో, ప్లాస్టిక్ పిడి పట్టుకొని విప్పితే ఏమీ కాకపోవచ్చు. ఆరో బోర్డులో అప్పుడే సగం వైర్లు ఊడాయి.

"టెస్ట్ ల్యాంపు పెట్టి చూస్తా సార్. ఎలగకపోతే మీరు చెప్పినట్లే చేస్తా" అంది.

హోల్డరు వైరు ఒకటి స్టార్టరులో, ఇంకొకటి ఎర్తుకు ఆనించింది. బల్బు నిండుగా వెలిగింది.

వీరభద్ర మొహంలో రంగు మారింది. పోయి మెయిన్ తీయించి, కంపెనీ ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాడు. అతను గోడ పెట్టె విప్పి చూసి తల కొట్టుకున్నాడు. ఏడో బోర్డు స్విచ్చును కరెంటు తెచ్చే ఫేజు వైరుకు వేయాల్సింది పోయి, తిరిగి పోయే న్యూట్రలు వైరుకు వేశారు. ఆఫ్ చేస్తే మోటారు ఆగుతుంది, వైర్లలో కరెంటు మాత్రం అట్లాగే ఉంటుంది. అది సరిచేసేసరికి ఇరవై ఐదు నిమిషాలు గడిచాయి. మిగతా బోర్డులకు వేరే లైను కావడంతో వాళ్ల పని ఆగలేదు.

గంటన్నర అయ్యేసరికి తొమ్మిది మోటార్లు తిరిగాయి. కృపమణి బోర్డులో ఇంకా నాలుగు వైర్లు మిగిలాయి. వీరభద్ర ఆమె కాగితం మీద 'పూర్తి కాలేదు' అని రాసి, ఆమె కళ్లలోకి చూడకుండా ముందుకు పోయాడు.

మధ్యాహ్నం రెండింటికి పేర్లు చెబుతామన్నారు. గేటు పక్క రేకుల నీడలో సంతోషమ్మ చిత్రాన్నం డబ్బా ముందు పెట్టుకొని కూచుని ఉంది.

"అయిపాయనా?"

"ల్యా మా. సగంలో ఆగిపాయ."

"ఏంటికి?"

కష్టమైన ప్రశ్న ఇచ్చారని చెప్పొచ్చు. కృపమణి నోటిదాకా అదే వచ్చింది. తల్లి మొహం చూశాక అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. డబ్బా మూత తీయబోతున్న సంతోషమ్మ చేతులు ఆగిపోయాయి.

"ముట్టుకుంటివా?"

"ల్యా. ముందే చూసినా."

సంతోషమ్మ డబ్బాను గుడ్డలో కట్టి, లేచి నిలబడింది.

"పా. బస్సుకు పోదాం. ఈడ వద్దు నీకు."

"పోదాం మా. ఒక మాట అడిగేసి వస్తా."

"ఏం అడుగుతావు?"

"తప్పు వాళ్లది. పోయింది నా టైము. ఆ టైము నాకియ్యమని."

"ఇయ్యకుంటే?"

"నీ ఎంబడి వచ్చేస్తా. రేపే డిగ్రీలో చేరతా."

"ఇంగెప్పుడూ ఈ కరెంటు పని మాట ఎత్తవు గదా?"

తల్లి అడిగితే అడిగినట్టే, మాట తీసుకుంటే వదలదు. గేటు లోపల గోడ గడియారం ఒకటీ ఇరవై చూపిస్తోంది.

"ఎత్తను" అంది.

ఉద్యోగాల్లోకి ఎంపిక చేసే మేడం పేరు శివకుమారి. ఆమె గదిలో పేర్ల కాగితం అప్పటికే ప్రింటు తీసి టేబుల్ మీద పెట్టి ఉంది. వీరభద్ర పక్కనే నిలబడి ఉన్నాడు. కృపమణి నిలబడే చెప్పింది. ఎవరినీ నిందించలేదు. ఏడో బోర్డులో లైను ఉందని, దాన్ని సరిచేసేదానికి ఇరవై ఐదు నిమిషాలు పోయాయని, ఆ ఇరవై ఐదు నిమిషాలు మాత్రం కావాలని అంది.

శివకుమారి భ్రుకుటి ముడిచి వీరభద్ర వైపు తిరిగింది. "నాకు ఎవరూ చెప్పలేదే. నిజమేనా?"

కాదని అతనంటే తన దగ్గర సాక్ష్యం లేదని కృపమణికి తెలుసు. తలుపు గొళ్లెం మీద కళ్లు నిలిపింది.

"నిజమే మేడం" అన్నాడు వీరభద్ర చివరికి. "పొద్దున బోర్డులన్నీ నేనే చూసుకోవాల్సింది. చూడలేదు. ఈ పాప చెప్తే గూడా మొదట నమ్మలేదు."

శివకుమారి పేర్ల కాగితాన్ని పక్కకు జరిపింది. "సరే. ఇరవై ఐదు నిమిషాలు. ఒక్క నిమిషం కూడా ఎక్కువ ఇవ్వను" అంది.

ఈసారి షెడ్డులో ఆమె ఒక్కతే. కాసేపటికి తలుపు దగ్గర నీడ కదిలితే చూసింది. వాచ్‌మన్‌ను ఏమని అడిగిందో ఏమో, సంతోషమ్మ వచ్చి గడప దగ్గర నిలబడి ఉంది. కృపమణి చేతిలోంచి ఒక స్క్రూ కింద పడి దొర్లిపోయింది. వెతికి తెచ్చుకొని బిగించింది. నాలుగు వైర్లూ పూర్తయ్యేసరికి పదహారు నిమిషాలు.

లైను ఇప్పించి పచ్చ బటను నొక్కింది. ఏ చప్పుడూ లేదు. మళ్లీ నొక్కింది. మోటారు కదల్లేదు.

"తొమ్మిది నిమిషాలు ఉండాది" అన్నాడు వీరభద్ర.

బొమ్మ చూసింది. వైర్లన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఎక్కడో లూజు ఉండాలి. చెయ్యి స్టార్టరు మీదికి పోయింది, ఆగింది. పోయి స్విచ్చు ఆఫ్ చేసి, మూత తీసింది. టెస్టరు పెట్టి చూసింది. టెస్ట్ ల్యాంపు పెట్టి చూసింది. రెండూ వెలగలేదు. గడప దగ్గరి నుంచి సంతోషమ్మ కళ్లు ఆ బల్బును వదల్లేదు. అప్పుడు ఒక్కొక్క వైరునూ పట్టి లాగుతూ వచ్చింది. ఎర్ర బటను దగ్గరి వైరు చేతికి ఊడి వచ్చింది. దాన్ని చెక్కి, లోపలికి తోసి బిగించి, మూత వేసి, స్విచ్చు ఆన్ చేసింది.

"మూడు నిమిషాలు."

పచ్చ బటను నొక్కింది. స్టార్టరు టక్కుమని పట్టుకుంది. మోటారు గిర్రుమని తిరిగింది.

ఆమెకు నవ్వు రాలేదు. గోడకు వీపు ఆనించి, చెమటను చున్నీతో తుడుచుకుంది. గడప దగ్గర సంతోషమ్మ ఆ తిరుగుతున్న మోటారునే చూస్తోంది.

రెండున్నరకు పేర్లు అంటించారు. ప్రింటు చేసిన ఆరు పేర్ల కింద ఏడోది పెన్నుతో రాశారు. ఏడాది అప్రెంటిసు, సోమవారం చేరాలి. ఈరేష్ పేరు కూడా ఉంది. అతను దూరం నుంచే చెయ్యెత్తాడు.

కృపమణి తల్లి దగ్గరికి వచ్చి నిలబడింది. ఒప్పందం ప్రకారం గెలిచింది తనే. కానీ తల్లి వద్దంటే సోమవారం ఈ గేటు దాటగలనా అనుకుంది.

సంతోషమ్మ ఆమెను దాటి నేరుగా శివకుమారి దగ్గరికి పోయింది.

"మేడమా, ఆడపిల్లోళ్లు ఉండేదానికి హాస్టలు ఉండాదా ఈడ?"

"హాస్టలు లేదమ్మా. మా దగ్గర పనిచేసే అమ్మాయిలు నలుగురు ఓర్వకల్లులో ఇల్లు తీసుకొని ఉన్నారు. ఇంకొకరికి చోటుంది."

"ఆ ఇల్లు నేను చూడాల. ఈ పొద్దే చూడాల. యాడుండాదో చెప్పండి."

శివకుమారి ఒక కాగితం మీద అడ్రసు రాసిచ్చింది. సంతోషమ్మ దాన్ని మడిచి రవికలో దోపుకొని, గేటు బయట ఆటోను చెయ్యెత్తి ఆపింది. ఎక్కి కూచున్నాక కూతురి చేతికి చిత్రాన్నం డబ్బా ఇచ్చింది.

"తిను. పొద్దున్నుంచి ఏం తినలేదు. తినేసి నాయినకు ఫోను చెయ్, ఇంటికొచ్చేతలికి శానా ఆలిస్యమైతాదని చెప్పు."